లేబర్ డేని కాలిఫోర్నియాకి ఇచ్చేశారు

మా ఇంటి ఓనరు గారు నా మీద కోప్పడింది ఒక్కసారే. అదీ అద్దె గురించి కాదు, ఒక తేదీ గురించి.

నేనుండేది అమెరికాలో, నార్త్ కరోలినాలోని షార్లెట్ పక్కన కాంకర్డ్ అనే ఊళ్లో. ఎమ్మెస్ అయ్యాక ఉద్యోగం ఇక్కడే దొరికింది. ఓనరు గారి గ్యారేజీ మీద ఒక గది, ఒక చిన్న వంటిల్లు. కిందంతా ఆయన ఒక్కరే. డెబ్భై మూడేళ్లు. పేరు పెట్టి పిలవమంటారు గానీ నాకు నోరు రాదు, సర్ అంటాను. ఈ ప్రాంతంలో పెద్దవాళ్లని సర్ అనడం మామూలే కాబట్టి ఆయనా ఊరుకున్నారు. షార్లెట్ మోటర్ స్పీడ్‌వే ఈ ఊళ్లోనే ఉంది. గాలి ఇటు తిరిగిన రోజు ఇంజన్ల మోత మా కిటికీ దాకా వస్తుంది. అది వినిపించగానే ఆయన చేతిలో పని ఆపేసి అటు చెవి పెడతారు, మనవాళ్లు గుడి గంట విన్నట్టు.

నాస్కార్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. షాపులో అమ్మే కార్లలా కనిపించే కార్లతో, ఎక్కువగా గుండ్రటి ట్రాకుల మీద జరిగే స్టాక్ కార్ రేసులు. ఫిబ్రవరి నుంచి నవంబర్ దాకా పెద్ద సిరీస్‌లో 36 రేసులు. ఏ వారం ఏ ఊళ్లో అన్నది ముందు ఏడాదే ప్రకటిస్తారు. ఆ షెడ్యూల్ వచ్చిన రోజు ఇక్కడ మన దగ్గర సంక్రాంతి సినిమాల రిలీజ్ డేట్లు వచ్చినంత గొడవ. మా ఊరికి ఎందుకు లేదు, వాళ్లకి రెండెందుకు, ఆ ఊళ్లో ఆ ఎండలో ఎవడు చూస్తాడు అని.

కిందటి జూలైలో ఒక సాయంత్రం వరండాలో కూర్చుని ఉన్నాం. ఆయన డార్లింగ్టన్ గురించి చెబుతున్నారు. సౌత్ కరోలినాలోని చిన్న ఊరు. అక్కడ 1950 నుంచి సదరన్ 500 అనే రేసు జరుగుతోంది. లేబర్ డే అంటే సెప్టెంబర్ మొదటి సోమవారం, ఇక్కడి కార్మికుల సెలవు. ఆ సెలవు సమయంలోనే ఆ రేసు. 2003 దాకా అంతే. తరవాత తేదీ తీసేశారు.

"రేసు ఆపలేదు కదా సర్, వేరే నెలకి మార్చారు. ఎప్పుడైతే ఏముంది?" అన్నాను.

ఆయన నా వైపు చూసి, "లేబర్ డేని కాలిఫోర్నియాకి ఇచ్చేశారు" అన్నారు. అని లోపలికి వెళ్లిపోయారు. జాలి తలుపు కాస్త గట్టిగానే పడింది.

పైకొచ్చాక నాకు హైదరాబాద్ గుర్తొచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది చూశారా, ఆ రోజు నేనక్కడున్నాను. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది, నలుగురం ఫ్రెండ్స్‌మి. రోజూ బండి మీద తిరిగే రోడ్డు మీద వెర్న్ గెలిచాడు. ఇక ప్రతి ఫిబ్రవరీ మనదే అనుకున్నాం. 2024 జనవరిలో, ప్రభుత్వం మారాక, నెల రోజుల్లో రేసు ఉందనగా రద్దయింది. నేనప్పటికే షార్లెట్‌లో చదువుతున్నాను, ఎలాగూ వెళ్లలేను. అయినా మా వాట్సాప్ గ్రూప్‌లో ఆ రాత్రి చాలాసేపు తిట్టుకున్నాం. ఒక్క ఏడాది జరిగిన రేసు అది. ఆయనది ఇరవై ఆరేళ్ల అలవాటు.

మర్నాడు సారీ చెప్పాను. ఆయన వింతగా చూసి, "దేనికి?" అన్నారు. మర్చిపోయారో, మర్చిపోయినట్టు నటించారో. కాఫీ ఇచ్చి మొత్తం చెప్పారు.

ఆయన, వాళ్లావిడ ఇద్దరూ పక్కనే ఉన్న కన్నాపొలిస్ బట్టల మిల్లులో పనిచేసేవారు. డేల్ ఎర్న్‌హార్ట్ పుట్టిన ఊరది, ఇక్కడివాళ్లకి ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు లాంటిది. పెళ్లయిన మరుసటి ఏడాది, 1978లో, మొదటిసారి డార్లింగ్టన్ వెళ్లారు. ఆ తరవాత ఏ లేబర్ డే తప్పలేదు. మిల్లులో ఖాయంగా దొరికే సెలవు అదొక్కటే. రెండు గంటల ప్రయాణం, కూలర్ నిండా వేయించిన చికెన్, ఇద్దరికీ చెరో హెడ్‌సెట్. డ్రైవర్లు వాళ్ల టీమ్‌తో రేడియోలో మాట్లాడుకునేది ప్రేక్షకులు స్కానర్ పెట్టుకుని వినొచ్చు, ఈ ఆటలో ఆ సదుపాయం ఉంది. 1985లో బిల్ ఎలియట్ అక్కడ గెలిచి మిలియన్ డాలర్ల బోనస్ కొట్టిన రేసు వీళ్లు చూశారు. ఆ రోజు వాళ్లావిడ ఎంత అరిచిందంటే మూడు రోజులు గొంతు రాలేదట.

2003 జూలై 30న మిల్లు మూసేశారు. కన్నాపొలిస్‌లో నాలుగు వేల మందికి పైగా ఒక్కరోజులో రోడ్డున పడ్డారు. ఇద్దరి ఉద్యోగాలూ ఒకేసారి పోయాయి. సరిగ్గా నెలకి, ఆగస్టు 31న సదరన్ 500. ఆ తేదీకి అదే ఆఖరిదని అప్పటికే తెలుసు. ఈ పరిస్థితిలో వెళ్లాలా అని ఈయన అంటే, టికెట్లు ముందే కొన్నాం, చికెన్ ఇంట్లోదే, పెట్రోల్ డబ్బులు నేనిస్తా అందట ఆవిడ. వెళ్లారు. టెర్రీ లబాంటీ గెలిచాడు.

"ఒక వేసవిలో ఉద్యోగం పోయింది, తరవాతి వేసవిలో సెలవు కూడా పోయింది" అన్నారాయన. నవ్వుతూనే అన్నారు.

2004లో లేబర్ డే రేసు లాస్ ఏంజెలిస్ దగ్గర ఫాంటానాకి వెళ్లింది. పెద్ద నగరం, పెద్ద టీవీ మార్కెట్, కొత్త ప్రేక్షకులు. లెక్క అది. లెక్కగా చూస్తే తప్పేం లేదు, నేను ఆ ఆఫీసులో కూర్చున్నా అదే చేసేవాణ్ణేమో. డార్లింగ్టన్‌కి ఆ ఏడాది నవంబర్ ఇచ్చారు. 2005 నుంచి రెండు రేసుల్లో ఒకటి పూర్తిగా తీసేశారు, మిగిలింది మే నెలలో ఒక్కటే. ఎప్పుడో తెలుసా? మదర్స్ డేకి ముందు రోజు, శనివారం రాత్రి.

నాకు అసలు విషయం అక్కడ అర్థమైంది. కూతురు రాలీ నుంచి, కొడుకు టెనెసీ నుంచి పిల్లల్ని తీసుకుని అమ్మ దగ్గరికి వచ్చేది ఆ శని, ఆదివారాలే. "పిల్లలు నా కోసం ఇంటికొస్తే నేను రేసుకి పోనా?" అంది ఆవిడ. ఆయన ఒక్కరూ వెళ్లలేరు. అలా ఆగిపోయింది. రేసు రద్దు కాలేదు, ట్రాక్ మూయలేదు, టికెట్ ధర పెరిగిందని కూడా కాదు. క్యాలెండర్‌లో ఒక గడి నుంచి ఇంకో గడికి జరిపారంతే. "ఎప్పుడైతే ఏముంది" అన్నది నేనే కదా.

ఫాంటానా రేసు టీవీలో వచ్చే రోజు పంతం కొద్దీ చూడకుండా బయట గడ్డి కోసేవారట ఈయన. ఆవిడ మాత్రం లోపల సౌండ్ తగ్గించి చూసేది. ఈయన నీళ్లు తాగడానికి వచ్చినట్టు వచ్చి, "సీట్లు నిండాయా?" అని అడిగేవారు. నిండేవి కాదు. ఆ ఖాళీ సీట్లు చూసి ఇక్కడివాళ్లు ఎంత సంబరపడ్డారో ఇప్పటికీ కథలుగా చెబుతారు. 2009లో లేబర్ డేని అట్లాంటాకి మార్చారు. 2014 ఆగస్టులో, వచ్చే ఏడాది నుంచి మళ్లీ డార్లింగ్టన్‌కే అని ప్రకటించారు. ఊళ్లో అందరూ ఆయనకి ఫోన్లు. ఆవిడ ఆ జూన్‌లోనే పోయింది.

2015లో ఆయన వెళ్లలేదు. ఆ తరవాతా వెళ్లలేదు.

ఇదంతా విని అభిమానులదంతా న్యాయం, నాస్కార్‌దంతా అన్యాయం అని నేను రాసేయొచ్చు. కానీ ఒక ప్రశ్న అడిగాను. ఇదే రాష్ట్రంలో రాకింగ్‌హామ్ అనే ట్రాక్ ఉండేది. 2004 ఫిబ్రవరిలో అక్కడ ఆఖరి రేసులో కెన్‌సెత్ సెకనులో నూరో వంతు తేడాతో కేసీ కేన్‌ని దాటి గెలిచాడు. అంత మంచి రేసు జరిగాక ఆ ట్రాక్ షెడ్యూల్‌లోంచి పోయింది. దాని గురించి కూడా ఓనరు గారు చాలా బాధపడతారు. "మీరు అక్కడికి ఎన్నిసార్లు వెళ్లారు సర్?" అన్నాను.

ఆయన కాసేపు పైకి చూసి, "రెండు" అన్నారు. "ఫిబ్రవరిలో అక్కడ చలి."

అదీ సంగతి. మనం వెళ్లని థియేటర్ మూసేసినప్పుడు మనమే ఎక్కువ ఏడుస్తాం. మా కాలేజీ పక్క సింగిల్ స్క్రీన్ పడగొట్టినప్పుడు నేను పెట్టిన స్టేటస్ నాకింకా గుర్తుంది. అందులో చివరి సినిమా ఎప్పుడు చూశానో మాత్రం గుర్తు లేదు.

ఆగస్టు 20న 2026 షెడ్యూల్ వచ్చింది. లంచ్‌లో మా ఆఫీసులో దాని మీదే చర్చ. మెక్సికో సిటీ రేసు ఒక్క ఏడాదికే ఆగిపోయిందని మా టీమ్‌లో మెక్సికో కుర్రాడు మొహం మాడ్చుకున్నాడు. జూన్‌లో ఆ రేసు కోసం వాళ్ల నాన్న జీవితంలో మొదటిసారి నాస్కార్ టికెట్ కొన్నాడట. షికాగో నగర వీధుల్లో రేసు తీసేసి మళ్లీ అక్కడి పాత ఓవల్ ట్రాక్‌కి వెళ్తున్నారు. శాన్ డియేగోలో ఏకంగా నేవీ స్థావరంలో రేసు. నాకు అదే అన్నిటికంటే నచ్చింది, అందరూ తిట్టారు.

సాయంత్రం ఇంటికి రాగానే ఆయన అద్దాలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చాను. పైనుంచి చదవలేదు. వేలితో నేరుగా సెప్టెంబర్‌కి వెళ్లారు. సెప్టెంబర్ 6, డార్లింగ్టన్. అది ఉందని చూసుకున్నాకే మొదటి నుంచి మొదలుపెట్టారు. జూలై 19 దగ్గర ఆగి, నాకు తిప్పి చూపించారు. నార్త్ విల్క్స్‌బరో. 1996లో ఆ ట్రాక్‌కి ఉన్న రెండు రేసుల్నీ టెక్సస్‌కి, న్యూ హాంప్‌షైర్‌కి పంచేశారు. గేట్లకి తుప్పు పట్టింది, ట్రాక్ మీద గడ్డి మొలిచింది. 2019లో డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ కొందరిని వెంటబెట్టుకుని వెళ్లి ఆ గడ్డి పీకించాడు, కనీసం వీడియో గేమ్‌లోనైనా బతుకుతుందని. 2023లో ఆల్ స్టార్ రేసు వచ్చింది గానీ దానికి పాయింట్లు ఉండవు. ఇప్పుడు ముప్ఫై ఏళ్ల తరవాత పాయింట్లు ఉన్న రేసు.

"ఫాంటానా లేదు" అన్నారు కాసేపటికి. 2023లో ఆఖరి రేసు జరిపి ఆ ట్రాక్‌ని చాలావరకు కూల్చేశారు. అక్కడ చిన్నదేదో కడతామన్నారు, ఇంకా రాలేదు. సంతోషిస్తారేమో అనుకున్నాను. "అక్కడా ఎవరో ఏడాదికోసారి భార్యని తీసుకుని వెళ్లుంటాడు కదా" అన్నారు. ఇరవై ఏళ్లు గడ్డి కోసిన మనిషి.

"ఈ ఏడాదిది పది రోజుల్లో ఉంది సర్, వెళ్దామా?" అన్నాను. ఆయన ఔననలేదు, కాదనలేదు. రెండు రోజుల తరవాత గ్యారేజీలోంచి కూలర్ బయటికి తీసి కడుగుతూ కనిపించారు.

ఆగస్టు 31, ఆదివారం. 2003లో వాళ్లిద్దరూ ఆఖరిసారి వెళ్లింది కూడా ఆగస్టు 31, ఆదివారమే. ఆ సంగతి దారిలో ఆయనే చెప్పారు. డార్లింగ్టన్ ట్రాక్ కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, ఒకవైపు వెడల్పు, ఒకవైపు కురచ. స్థలం అమ్మినాయన తన చేపల చెరువు ముట్టుకోవద్దన్నాడని అటువైపు నొక్కేసి కట్టారు. ఆ ఇరుకు దగ్గర కార్లు గోడకి రాసుకుంటూ పోతాయి. మన స్టేడియాల్లో నీళ్ల సీసా కూడా లాగేసుకుంటారు, ఇక్కడ చిన్న కూలర్ లోపలికి రానిచ్చారు. ఆయన చికెన్, నా పులిహోర. పులిహోరలో మిరపకాయ కొరికి అరగంట మాట్లాడలేదు.

రేసు మొదలయ్యే ముందు సంచీలోంచి రెండు హెడ్‌సెట్లు తీశారు. ఒకటి నాకిచ్చారు. చెవి మీద పెట్టే మెత్త చినిగితే దాని మీద పూల గుడ్డ కుట్టి ఉంది. చేత్తో కుట్టిన కుట్లు. నేనేమీ అడగలేదు. నాకు కాస్త బిగుతైంది, సర్దుకున్నాను.

367 ల్యాప్‌లు. చీకటి పడింది, లైట్లు వెలిగాయి. ఎక్కువసేపు బ్రిస్కోనే ముందున్నాడు, చివర్లో రెడిక్ తరుముకొచ్చాడు గానీ అందుకోలేకపోయాడు. ఆ ఆఖరి ల్యాప్‌లలో అందరూ లేచి నిలబడ్డారు. ఆయనా లేచారు, నా భుజం పట్టుకుని. ఏదో అరిచారు కూడా, హెడ్‌సెట్‌లో నాకు వినపడలేదు.

పార్కింగ్‌లోంచి రోడ్డెక్కడానికే గంటన్నర పట్టింది. నిద్రపోయారనుకున్నాను. కళ్లు మూసుకునే, "ఆ విల్క్స్‌బరో రేసు ఏ రోజన్నావ్?" అని అడిగారు.

"జూలై 19 సర్, ఆదివారం."

"పద్దెనిమిదిన టెనెసీలో మనవరాలి పెళ్లి" అన్నారు. కాసేపాగి, "తేదీ మార్చమని అడగనా?"

"ఎవరిని సర్, నాస్కార్‌నా, మనవరాలినా?"

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. ముందు కార్లు కదిలాయి, వెనకాయన హారన్ కొట్టాడు.