ఆగని యంత్రం

గత సంవత్సరం వార్షికోత్సవానికి నాలుగు రోజుల ముందు మా కళాశాలలోని గడ్డి కోసే యంత్రం మొండికేసింది. అంటే కదలక కాదు, ఆగక. తోటమాలి తాత పిడిమీది మీటను ఎంత లాగినా అది బిగుసుకుపోయింది. ఇంజను అదే వేగంతో ఘోషిస్తోంది, క్రింద బ్లేడు గిర్రున తిరుగుతోంది. ఆ రకం యంత్రానికి వేగం తగ్గించడానికైనా, ఆపడానికైనా ఆ ఒక్క మీటే ఆధారం. చివరకు పెట్రోల్ కాక్ మూసి, కార్బొరేటర్‌లో మిగిలిన పెట్రోలు హరించేదాకా ఇద్దరం దూరంగా నిలబడ్డాము.

యంత్రం పాడుచేసినందుకు ఖర్చంతా తాత జీతంలో పట్టుకుంటారన్న మాట సాయంత్రానికే వినవచ్చింది. అప్పుడు నేను నోరు విప్పలేదని ఒప్పుకోవాలి. మా అబ్బాజాన్‌కు స్కూటర్లు బాగుచేసే దుకాణమున్నది. సెలవులలో నా చేతులకూ ఆ నల్లని మడ్డి అంటుతుంది. ఆ సంగతి మిత్రులెవరికీ తెలియదు. "నాన్నగారు వ్యాపారం చేస్తారు" అన్న సమాధానంతో రెండేళ్లు నెట్టుకొచ్చాను.

రాత్రి అబ్బాజాన్‌కు చెప్పగా ఆయన అన్నారు: "జబర్దస్తీ చేయకు బేటా. ముందు తప్పు తీగదో, కార్బొరేటర్‌దో తేల్చుకో."

మరునాడు మొదట ప్లగ్గు వైరు ఊడదీశాను. పొరపాటున ఇంజను రాజుకుంటే బ్లేడు చేతులను ఎరుగదు. కార్బొరేటర్ వద్ద కేబుల్ కొస విప్పి, అక్కడి చిన్న మీటను వేలితో కదిపితే నునుపుగా కదిలింది. దోషం కేబుల్‌దేనని తేలింది. ఉక్కు చుట్టల గొట్టంలో తీగ నడిచే ఇటువంటి ఏర్పాటుకు 1896లో బ్రిటనులో బౌడెన్ పేటెంటు పొందాడు. మన సైకిలు బ్రేకుల్లోనూ ఇదే. స్కూటరులో పేనిన తీగ లాగుతుందంతే. ఈ యంత్రంలోని ఒంటి తీగ నెట్టుతుంది కూడా. కనుక వంపు ముదిరితే ఇరుక్కుంటుంది.

పిడి మడత పెట్టే చోటనే ఆ వంపు దొరికింది. ఇరుకైన గదిలో యంత్రం పట్టాలని పిడిని మడిచి పెట్టించినది తాత కాదు.

తీగను బయటికి లాగి తుడిచి, వంపు సరిచేశాను. గొట్టాన్ని వేపకొమ్మకు నిలువుగా వేలాడదీసి, కాగితపు గరాటాతో అమ్మీ కుట్టుమిషను నూనెను చుక్కలు చుక్కలుగా వదిలాను. గ్రీజు పెట్టమని ఇద్దరు పెద్దమనుషులు సలహా ఇచ్చారు; అది దుమ్మును పిలిచి కూర్చోబెట్టుకుంటుంది. మొదట తారువంటి మురికి, తరువాత గోధుమరంగు నీరు, చాలాసేపటికి తేటనూనె కారింది. కేబుల్‌ను ఈసారి విశాలమైన వంపుతో కట్టి, ఇంజను పెట్టకముందే మీట కొసదాకా పోతున్నదో లేదో పదిసార్లు చూశాను. ప్లగ్గు వైరు తగిలించి త్రాడు లాగాను. మీట వెనుకకు రాగానే ఇంజను నోరు మూసింది.

అప్పటికి చుట్టూ మిత్రులు చేరారు. "ఎక్కడ నేర్చావు?" అని ఒకడు అడిగాడు.

"మా అబ్బాజాన్ దుకాణంలో. బస్టాండు ఎదుట."

తాత జీతం ఆ నెల కోత లేకుండానే అందింది. ఆ మిత్రుడు మరుసటి వారం తన స్కూటరు తోసుకుంటూ దుకాణానికి వచ్చాడు. అబ్బాజాన్ అతనికి చాయ్ తెప్పించి, స్పానర్ నా చేతికిచ్చారు.