రంగుల లైటు కొన్నాను, టెస్ట్ కిట్ వదిలేశాను

పులికాట్ పక్కనే ఉన్నాం కదా, "ఇంట్లో సముద్రపు చేపలు పెంచుదామా?" అని మన తడ పిల్లలు మిమ్మల్ని అడిగే ఉంటారు. నేనూ ముచ్చటపడి చెన్నై కొళత్తూరు వెళ్లాను. తొట్టె, ఉప్పు, రంగుల లైటు, రెండు చేపలు కొన్నాను. అమ్మోనియా టెస్ట్ కిట్ మాత్రం 'ఇంత ధరా!' అని వదిలేశాను. వారం తిరక్కుండానే రెండు చేపలూ చనిపోయాయి.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వాటిని కొలవడానికి రిఫ్రాక్టోమీటర్, చేపల వ్యర్థం విషమవుతోందా అని చూడటానికి కిట్ కావాలి. వీటికి పెట్టే డబ్బు దండగ కాదు. దండగైంది నా రంగుల లైటే. పైగా ఆ విషాన్ని విరిచే బాక్టీరియా కొత్త తొట్టెలో పెరగడానికి వారాలు పడుతుంది. ఆ ఓపిక ఏ షాపులోనూ దొరకదు.

మీ పిల్లలు అడిగితే వెంటనే కాదనకండి. ముందు ఒక నెల చేపల్లేని తొట్టెలో నీళ్లు కొలిచి రాయమనండి. అప్పటికీ ఇష్టం తగ్గకపోతే నిశ్చింతగా చేపలు కొనివ్వండి.