వేసవిలో చెన్నపట్టణమునకుఁ గారు ప్రయాణము

వేసవి సెలవు లనఁగానే పిల్లలకుఁ బ్రయాణము జ్ఞప్తికి వచ్చును. ఇల్లాలికి మూటలు జ్ఞప్తికి వచ్చును. పూర్వము దూరప్రయాణ మనిన రైలే. నేఁడు మధ్యతరగతి కుటుంబములలోఁ గూడఁ గారు ప్రవేశించినది. దానితోఁ బాటు “మన యిష్టము వచ్చినపుడు బయలుదేఱి, మన యిష్టము వచ్చినచోట నాఁగుదము” అను నుత్సాహమును బ్రవేశించినది. ఉత్సాహము మంచిదే. కాని మగవారు చేయు ప్రయాణపు టేర్పాటు సామాన్యముగా నొక్క వాక్యముతో ముగియును: “రాత్రి భోజనము చేసి బయలుదేఱినచోఁ దెల్లవాఱి పది గంటలకుఁ జేరుదుము.” పసివారి కెప్పు డాఁకలి వేయును, పెద్దవారు మందు లెపుడు మ్రింగవలెను, ఆఁడువా రెచ్చట దిగుదురు అను ప్రశ్నలు కారు కదలిన తరువాతఁ గాని పుట్టవు. పుట్టినపుడు వానికి సమాధానము చెప్పవలసినది మనమే. అట్టిచో నాలోచన ముందుగా మనమే చేసికొనుట మేలు కదా!

మా యనకాపల్లినుండి చెన్నపట్టణమునకు 750 కిలోమీటర్లకుఁ బైచిలుకు దూరము కలదు. కలకత్తానుండి చెన్నపట్టణమునకుఁ బోవు జాతీయరహదారి మా యూరిమీఁదుగానే సాగును. వెనుక దీనిని అయిదవ నెంబ రనుచుండిరి. 2010లో సంఖ్యలు మార్చినపుడు పదునాఱవ నెంబ రైనది. 1953 అక్టోబరు 1వ తేది వఱకు మనకుఁ జెన్నపట్టణమే రాజధాని. వ్యాజ్యమునకును, కాలేజీ చదువునకును, పెద్దవైద్యమునకును, పుస్తకము లచ్చువేయుటకును ఉత్తరాంధ్రము వారు పలువు రచ్చటికిఁ బోవుచుండిరి. ఆ నగరమునకు 1996లోఁ జెన్నై యని పేరు స్థిరపడినను మా యిండ్లలోఁ బెద్దవారి నోట నేఁటికిని అది చెన్నపట్నమే.

ఈ వేసవిలో మా యింట నీ ప్రయాణము తలపెట్టుటకు వినోదము కారణము కాదు. మా యత్తగారికి డెబ్బదియెనిమిదవ యేఁడు. ఆమె చెల్లెలు చెన్నపట్టణములోఁ బెరంబూరు వైపునఁ గాపుర ముండి, యిపుడు మంచము పట్టియున్నది. అక్కచెల్లెం డ్రొకరి నొకరు చూచుకొని తొమ్మిదేండ్లయినది. మా యత్తగారికి మోకాళ్ల నొప్పి, మధుమేహము. “నన్నొకసారి దానియొద్ద కూర్చుండఁబెట్టి తీసికొనిరండు, మఱేమియుఁ జూపవలదు” అని యామె కోరిక. కాఁబట్టి యీ ప్రయాణములో నెవరికిఁ గష్టము కలిగినను సర్దుకొనవచ్చును గాని, ఆమెకుఁ గలుగరాదు.

రైలా, కారా యను విషయమున నా యభిప్రాయ మిది. ఇంటిల్లిపాదియు నారోగ్యవంతులై, టికెట్లు దొరకినచో రైలే సుఖము, చవుక కూడ. నిద్రించి లేచునప్పటికి సగముపైఁగా దారి గడచిపోవును. అయితే వేసవి రిజర్వేషన్లు అఱువది దినములకు ముందుగాఁ దెఱవఁగానే నిండిపోవును. అంతకంటెఁ బెద్ద చిక్కు ప్లాటుఫారముల మెట్లు, ఎత్తయిన పెట్టెల గుమ్మములు. మోకాలు వంగనివారి కవి కొండలవంటివి. మా యింటఁ గారు నిశ్చయించుట కిదియే హేతువు.

ఇఁక ముహూర్తము. మా యూర నూకాలమ్మవారి జాతర క్రొత్తయమావాస్యకుఁ బ్రారంభమై నెల దినములు సాగును. అదియయ్యును కాకయు నూరు విడిచిపోవుటకు మనసొప్పదు. బడులకు ఏప్రిలు చివరివారమున సెలవు లిత్తురు. మే నెల నడుమఁ గృత్తికకార్తె, నెల చివర రోహిణి. రోహిణిలో రోళ్లు పగులునని మనవా రూరక యనలేదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రరాష్ట్రమున వేయిమందికిఁ బైగా మరణించిరి. అటు చెన్నపట్టణమువారును మే మొదటివారమునుండి యించుమించు నెలాఖరు వఱకు నుండు యెండను ‘కత్తిరి’ యని భయపడుదురు. ఇంతేకాక మే నెల బంగాళాఖాతమునఁ దుపానుల కాలము కూడ. 2010 మే 20న లైలా తుపాను బాపట్లయొద్దనే తీరము దాఁటినది. ఇవన్నియు లెక్కించి, బడులు మూసిన మఱునాఁడు మొదలు భరణికార్తె సగమగు లోపల పోయి వచ్చుట క్షేమమని తేల్చుకొంటిమి.

సోదరీమణులతో మనసు విప్పి చెప్పవలసిన మాట యొకటి కలదు. దారిలో మఱుఁగు దొరకదను భయముచేత మనము నీరు త్రాగుట మానుదుము. ఉదయము కాఫీ సగము గ్లాసు, పిమ్మట గొంతు తడుపుకొనుట మాత్రమే. మగవారి కీ సంగతి తెలియదు, మనము చెప్పము. మేనెల యెండలో నాఱేడు గంటలు నీరు లేకయుండుట, వచ్చిన మూత్రము నాపుకొనుట, ఇవి రెండును గలసి వడదెబ్బకును మూత్రకోశపు జబ్బులకును దారితీయును. మధుమేహము కలవారికి ముప్పు మఱింత హెచ్చు. మా యత్తగా రిదివఱ కొక పెండ్లికిఁ బోయి, ఇట్లే నోరు కట్టుకొని, మూఁడవనాఁడు జ్వరముతోఁ దిరిగివచ్చిరి. అందుచేత నీమాఱు ప్రయాణపు టేర్పాటు నీటిచుట్టును మఱుఁగుచుట్టును అల్లుకొంటిమి. గంటన్నరకో రెండుగంటలకో యొకసారి తప్పక యాఁగవలెను. ఆఁగుచోటు ముందే యెన్నుకొనవలెను. పెట్రోలు బంకులలోఁ ద్రాగునీరు, మఱుఁగుదొడ్డి, చక్రములకు గాలి ఉచితముగా నీయవలెనని నిబంధన యున్నది. తాళము వేసియున్నచో తాళపుచెవి యడుగుటకు సిగ్గుపడ నక్కఱలేదు. పెద్దపెద్ద ఫలాహారశాలలలోఁ బడమటి మాదిరి పీఠములుండును. మోకాళ్ల నొప్పివారి కవియే గతి. ఒక బకెట్టు, చెంబు, సబ్బు, పాతచీర యొకటి కారులో నుంచుకొనుటయు మంచిదే.

అమెరికాలో నున్న మన పిల్లలు వేసవిలో నిట్లే కారులో షికాగోకో న్యూయార్కుకో వందల మైళ్లు పోవుచుందురు. అచ్చటి పెద్దరహదారుల ప్రక్క ప్రభుత్వమువారే విశ్రాంతిస్థలములు కట్టి, మఱుఁగుదొడ్లు, బల్లలు, చెట్లనీడ యమర్చిరి. ఆఁడువారు దేశము చూడఁ బోవుటకు ధైర్య మెచ్చటనుండి వచ్చునో యీ యేర్పాటే చెప్పును. మన రహదారులమీఁదను నట్టివి వెలయుచున్నవి గాని, నమ్ముకొని బయలుదేఱునంత దగ్గఱదగ్గఱగా నింకను లేవు.

మా యెత్తుగడ యిది: రాత్రి ప్రయాణము లేదు. చోదకుఁడు రాత్రియంతయు నిద్రించి, వేకువ నాలుగున్నరకు బయలుదేఱును. దారిని రెండు దినములకుఁ బంచి, ఎండ ముదురు వేళకు నీడ పట్టుకొందుము. మా వారు మొదట “రెండు దినములా!” యనిరి. నడిరేయి దాఁటినపిమ్మట వేకువ వఱకును చోదకుని కన్ను మూఁతపడు వేళ. ఆగియున్న లారీని వెనుకనుండి గుద్దుకొన్న కారుల వార్తలు పత్రికలలో నెన్ని చదువుట లేదు? ఈ మాట చెప్పఁగా మఱి మాటాడలేదు.

తొలిదినము ఎలమంచిలి, నక్కపల్లి, పాయకరావుపేట దాఁటి, తాండవనది కావలితట్టున తునిని విడిచి, ఆఱు గంటలకు అన్నవరము. కొండమీఁదికిఁ గారు పోవును గనుక పెద్దవారికిని దర్శనము సులభమే. ఆకుపొట్లములోని గోధుమనూక ప్రసాద మొక్కటి యున్నచోఁ బిల్లలు మఱి రెండు గంటలు నోరెత్తరు. జగ్గంపేట, రాజానగరము గడచినపిమ్మటఁ గడియపులంక వచ్చును. అచ్చటి నర్సరీలు దారికిరుప్రక్కల నందనవనములవలె నుండును. పోవునపుడు మొక్కలు కొనఁబోకుఁడు! మూసిన కారులో రెండుదినము లెండకుఁ బెట్టి చంపుట మాత్రమే యగును. పిమ్మట జొన్నాడయొద్ద గౌతమి, రావులపాలెము దాఁటి సిద్ధాంతమువద్ద వసిష్ఠ. వేసవిలో నీరు తగ్గి యిసుకతిన్నెలు బయలుపడి యుండినను, ఆ వంతెనలమీఁదఁ గారు నెమ్మదిగాఁ బోనిచ్చి, పిల్లలకు గోదావరిని జూపవలెను. ఎగువను ధవళేశ్వరమున 1847 మొదలు 1852 వఱకుఁ గాటన్‌దొర కట్టించిన యానకట్టవలననే యీ దారి పొడుగునఁ గనఁబడు పచ్చదనము. రావులపాలెపు టరటిగెల లొక హస్తము కొని పెట్టుకొనిన సాయంకాలము వఱకు నిశ్చింత. తణుకు, తాడేపల్లిగూడెము, ఏలూరు త్వరగా గడచిపోవును. పదునొకండు గంటలకు బెజవాడ. ఆనాఁటి కంతే! తలుపులు మూసికొని విశ్రమించి, చల్లబడినపిమ్మటఁ గృష్ణయొడ్డునకుఁ బోయి, 1957లోఁ బూర్తియైన ప్రకాశము బ్యారేజీని జూచి రావచ్చును.

ఆహారవిషయమునఁ బెద్ద యారాటము వలదు. ప్రయాణమనఁగా వంటయిల్లు కారులో మోయుట కాదు. తొలిపూఁటకుఁ బులిహోర చాలును. చింతపండు పులుపుచేత నది చెడదు. దధ్యోజనము కలుపఁదలఁచినచో, అన్నము పాలతోఁ గలిపి చెంచెడు పెరుగు మాత్రమే తోడు వేయవలెను. మధ్యాహ్నమున కది పుల్లబడక కమ్మగా నుండును. జంతికలు, చేఁగోడీలు పిల్లల చేతులకు. అనకాపల్లి వారము గనుక బెల్లము మఱవము! మిరియాలు, శొంఠి పొడి కలిపిన బెల్లపు పానకము పలుచగాఁ జేసి కూజాలో నుంచినచో వేసవి ప్రయాణమున దానిని మించిన పానీయము నాకుఁ గానరాదు. మధుమేహము వారికి మాత్రము ఉప్పు వేసిన మజ్జిగయే. దారిలో తాటిముంజలు కన్నులముందుఁ గొట్టించి తినవచ్చును. కోసి యుంచిన పండ్లముక్కలు మాత్రము ముట్టరాదు. ఇన్సులిన్ మందును జల్లనిసంచిలో నుంచి, దిగినపు డెల్లఁ జేతఁ బట్టుకొని దిగవలెను. ఎండలో నిలిపిన కారు పొయ్యివలెఁ గాఁగును. అందులో మందును గాని, నిద్రించు పసివానిని గాని “ఒక్క నిముసమే కదా” యని విడుచుట ప్రాణాపాయము.

రెండవనాఁటి దారి పొడవెక్కువ, చూడవలసినది తక్కువ. చిలకలూరిపేట, ఒంగోలు, కావలి, నెల్లూరు వరుసగా వచ్చును. నాయుడుపేటయొద్ద మాత్రము గండమున్నది: అచ్చటనుండి శ్రీకాళహస్తి మీఁదుగాఁ దిరుపతికి దారి చీలును. “ఇంతదూరము వచ్చి స్వామిని జూడకుండనా?” అని యెవరో యొకరు తప్పక యందురు. వేసవి రద్దీలోఁ దిరుమల యొక ప్రత్యేకయాత్ర. దానిని దీనికిఁ దగిలించినచో రెండును జెడును. మా యత్తగారే “స్వామి యెక్కడికిని బోఁడు; చెల్లెలు పోవును” అని తేల్చివేసిరి. సూళ్లూరుపేట దగ్గఱ పులికాటు సరస్సున రాజహంసలు చలికాలపు చుట్టములు. వేసవిలో వానికై వెదకుట వృథ. మధ్యాహ్నము పండ్రెండు, ఒంటిగంట నడుమ మాధవరము మీఁదుగా నగరప్రవేశము.

వ్యయముమాట. లీటరుకుఁ బదునైదు కిలోమీటర్లు నడచు కారుకు ఒకవైపున కేఁబది లీటర్లపైఁ బడును. మన రాష్ట్రమునఁ బెట్రోలు లీటరు నూటపది రూపాయలకు దరిదాపు; తమిళదేశమున నంతకంటె ఎనిమిది తొమ్మిది రూపాయలు తక్కువ. కనుకఁ బోవునపుడు సరిపడునంతే పోయించుకొని, వచ్చునపుడు సరిహద్దు కావలనే తొట్టి నింపుకొనవలెను. సుంకపు గేట్లు పదికిఁ బైగా నుండును; ఫాస్టాగు లేనివారు హెచ్చు చెల్లింపవలెను. 2025 ఆగస్టు 15 మొదలు సొంతకారులకు మూఁడువేల రూపాయలకు, ఏఁడాదిలోఁ గాని 200 దాఁటింపులలోఁ గాని తీఱు పాసు వచ్చినది. పోకరాకలకే పాతిక గేట్ల వఱకు నగును గనుక దూరప్రయాణీకులకుఁ గిట్టుబాటే. దారిలో కారు చెడినను ప్రమాదము కలిగినను రహదారివారి 1033, వైద్యమునకు 108, ఈ రెండు సంఖ్యలును పెద్దపిల్లలచేతఁ గంఠస్థము చేయింపవలెను.

చెన్నపట్టణమున మాకు మూఁడు దినముల మకాము. అక్కచెల్లెం డ్రిరువురును మాటాడుకొనుచుండఁగాఁ బిల్లలను వారిచుట్టు గోలచేయనీయక బయటికిఁ దీసికొనిపోవుట నా వంతు. కారు నింటనే విడిచి మెట్రో రైలులోఁ దిరుగుదుము. రంగనాథన్ వీథివంటి చోట్లకుఁ గారు తీసికొనిపోవుట తెలివి కాదు. 1851లో వెలసిన యెగ్మూరు ప్రభుత్వ మ్యూజియమున అమరావతీ స్తూపపు శిల్పము లున్నవి. మా యూరిప్రక్కన శంకరమున బొజ్జన్నకొండ నెక్కి దిగిన పిల్లలు ఆ పాలఱాతి బుద్ధచరిత్రను జూడకుండుట యన్యాయము. శుక్రవారము సెలవు, ఇతర దినములలోఁ బోవలెను. రాయపేట హైరోడ్డున, అమరజీవి పొట్టి శ్రీరాములుగారు 58 దినములు నిరశనము చేసి 1952 డిసెంబరు 15న దేహము చాలించిన యిల్లు స్మారకముగా నున్నది. దుర్గాబాయమ్మగారు ఆంధ్రమహిళాసభను నెలకొల్పినదియు, కేసరిగారు 1928లో ‘గృహలక్ష్మి’ పత్రికను స్థాపించి, 1934 మొదలు రచయిత్రులకు స్వర్ణకంకణము తొడిగినదియు నీ నగరముననే. మన యమ్మమ్మల తరమువారు వ్రాసిన మొదటి కథ లీ వీథులలోనే యచ్చుపడినవి. ఎండ తగ్గినపిమ్మట మెరీనా యిసుకలో గంటసేపు. బట్టల కొట్లను గూర్చి నేను వ్రాయ నక్కఱలేదు, మీరే యెఱుఁగుదురు.

తిరుగుప్రయాణమునఁ గొంత స్వేచ్ఛ నుంచుకొంటిమి. మంగళగిరి కొండమీఁదఁ బానకాల నరసింహస్వామి దర్శనము మధ్యాహ్నము వఱకే గనుక, నెల్లూరున రాత్రి మకాము చేసి యుదయమే బయలుదేఱినఁ దొమ్మిదిన్నర పది గంటలకుఁ జేరుదుము. అనకాపల్లి బెల్లపు టచ్చు నొకటి పోవునపుడే స్వామికై మూటఁగట్టి విడిగా నుంచితిని. మెట్లెక్కలేని మా యత్తగారు క్రిందిగుడిలోఁ గూర్చుందురు. కడియపులంకలో నామె కొఱకొక సన్నజాజి మొక్క కొనవలెను; చెల్లెలి పెరటిలోనిదాని కది జోడఁట.