మంద నడకతో భువనగిరి కోటకు



సంక్రాంతి సెలవులలో మా సంఘము నుండి పంతొమ్మిది మందిమి భువనగిరి కోట ఎక్కడానికి పోయివచ్చాము. సంగతి తెలిసిన కొందరు పెద్దలు "కోట చూడాలంటే మనకు మెదక్ దగ్గర గదా, గంత దూరం ఎందుకు పోయిండ్రు" అని అడిగారు. అడగవలసిన మాటే. మెదక్‌లో కోట ఉన్నది, చర్చి కూడా ఉన్నది. కరువు రోజులలో పని కోసం వచ్చినవారికి కూలి, తిండి దొరికేలా కట్టించి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ దేవాలయము మా సిద్దిపేట వైపు విశ్వాసులకు పుట్టింటి వంటిది. అక్కడికి పోతూనే ఉంటాము. ఈసారి మాత్రము చోటు ఎంచుకున్నది మేము కాదు, మా యవ్వనస్థులు. అందులోనూ ఆడపిల్లలు. వాళ్ళు చెప్పిన కారణము ఒక్కటే, మాలావత్ పూర్ణ.

పూర్ణది నిజామాబాదు జిల్లా పాకాల. సాంఘిక సంక్షేమ గురుకులములో చదువుకున్న గిరిజన బాలిక. 2014 మే 25న, పదమూడు ఏళ్ళ పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమెతోపాటు గురుకుల విద్యార్థియే అయిన ఆనంద్ కూడా ఎక్కాడు. ఆ పిల్లలు బండ ఎక్కడం మొదట నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీదనే. మా సంఘములో ఇద్దరు ఆడపిల్లలు గురుకులములో చదువుతున్నారు. ఎవరెస్టు చూస్తామో లేదో తెలియదు, ఆమె కాలు పెట్టిన మొదటి బండనైనా చూస్తాము అన్నారు. ఇంత మాట అన్నాక ఏ కాపరి కాదనగలడు?

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ రోజులలో మా సంఘములో ఒక తగువు నడుస్తున్నది. యవ్వనస్థులు తమకు ఆదివారము సాయంకాలము వేరుగా ఆరాధన కావాలని, కీబోర్డు, డ్రమ్ములు పెట్టుకుంటామని అడిగారు. పెద్దలు వద్దన్నారు. పిల్లలు సాయంత్రం పాలైతే పొద్దుటి ఆరాధనలో తాతలు, అవ్వలు తప్ప ఎవరుంటారు అని వాళ్ళ భయం. ఇప్పటికే నలుగురైదుగురు పిల్లలు సిద్దిపేటలో పెద్ద సంఘాలకు మళ్ళారు, పట్నంలో పనులకు పోయినవారు పండుగకు తప్ప రారు. మాది డెబ్బై మంది సంఘము. ఇంత చిన్న సంఘము రెండు ముక్కలైతే మిగిలేదేమిటి? కమిటీ రెండుసార్లు కూర్చున్నది, రెండుసార్లూ మాట మాట పెరిగి ప్రార్థన చేసి లేచాము.

ఈ బరువుతోనే తెల్లవారుజామున ఐదు గంటలకు రెండు తుఫాన్ బండ్లలో బయలుదేరాము. గజ్వేల్, తుర్కపల్లి మీదుగా భువనగిరి చేరేసరికి ఇంకా మంచు విడలేదు. ఊరి నడుమనే, ఇళ్ళ వెనుక నుండి ఒక్కసారిగా లేచిన ఒకే ఒక బండ. చెట్టూ పుట్టా ఉన్న గుట్ట కాదు. కింది నుండి పైదాకా నున్నని నల్లరాయి, ఏనుగు పండుకున్నట్టు. సుమారు ఐదువందల అడుగుల ఎత్తు. కల్యాణి చాళుక్యరాజు ఆరవ విక్రమాదిత్యుడు (పాలన 1076–1126) దీని మీద కోట కట్టించాడని చెబుతారు. అతని బిరుదు త్రిభువనమల్లుడు. దానినిబట్టే త్రిభువనగిరి, తర్వాత భువనగిరి అయినది.

కీర్తనలలో దావీదు దేవుణ్ణి శైలము, కోట అని పిలిచిన ప్రతిసారీ మా కళ్ళముందు ఇలాంటి బండే ఉండేది. సెమినరీలో నేర్చుకున్న కొద్దిపాటి హెబ్రీ ఆ బండ కింద నిలబడినప్పుడు గుర్తుకు వచ్చింది. పద్దెనిమిదవ కీర్తనలోని కోట అన్న మాట మెత్సూదా. మసాదా అన్న కోట పేరు కూడా దానికి చుట్టమే. యూదయ దేశపు కొండలు చాలావరకు సున్నపురాయి. వాటికి సందులుంటాయి, గుహలుంటాయి, దావీదు దాక్కున్నది అలాంటి చోట్లనే. మన దక్కను బండ వేరు. ఇది దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు. పట్టు ఇవ్వదు, నీడ ఇవ్వదు. ఎక్కడో గుహలో దూరుదామంటే కుదరదు, దీని మీద అందరికీ కనబడుతూ పాకవలసిందే. కట్టినవాళ్ళు కూడా ఆ సంగతి తెలిసే కట్టారు. గోడ కంటే ముందు బండే కాపలా.

టికెట్లు తీసుకుని ఎక్కడం మొదలుపెట్టాము. మొదట మెట్లు బాగానే ఉన్నాయి. ద్వారము దాటినాక బండనే తొలిచి చేసిన మెట్లు, కొన్నిచోట్ల పట్టుకోవడానికి ఇనుప కమ్మీలు. ఆ పైన కొంత దూరం మెట్టూ లేదు, కమ్మీ లేదు, వాలు బండ మాత్రమే. కొత్త బూట్లు వేసుకొచ్చిన పిల్లలు జారారు, చెప్పులు చేతిలో పట్టుకున్నవాళ్ళు నిలబడ్డారు. గ్రానైటుకు ఉత్త కాలే మంచిది. ఎండ ముదరకముందే ఎక్కాలి, లేకుంటే ఆ ఉత్త కాలే కాలుతుంది. కోతులు మా సద్దిమూట మీద కన్నేసి వెంట వచ్చాయి. జొన్నరొట్టెల మూట అమ్మగారు కొంగులో కట్టుకున్నారు గనుక దక్కింది.

మాతో ఉపదేశి తాత వచ్చాడు. డెబ్బై దాటినవాడు. నలభై ఏళ్ళు సంచి భుజాన వేసుకుని ఊరూరా నడిచి సువార్త చెప్పిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు అరిగి చర్చికి కూడా కర్రతో వస్తాడు. సాయంకాలపు ఆరాధన వద్దన్న పెద్దలలో మొదటివాడు కూడా ఆయనే. రావద్దని అందరము చెప్పాము. "నేను సూడని ఊరు లేదు, ఎక్కని గుట్ట లేదు" అని బండిలో ముందు సీటులో కూర్చున్నాడు.

మెట్ల మీద ఆయన ఊపిరికి ఆగినప్పుడల్లా కథ చెప్పాడు. సర్వాయి పాపన్న కథ. తాళ్ళు గీసే గౌడు బిడ్డ, జనగామ దగ్గరి ఖిలాషాపూర్‌లో తానే కోట కట్టుకున్నవాడు. 1708లో వరంగల్‌ను కొల్లగొట్టి, మరుసటి ఏడు ఈ భువనగిరి మీద పడ్డాడు. 1710లో మొఘలు సైన్యానికి చిక్కి చంపబడ్డాడు. ఖాఫీ ఖాన్ వంటి మొఘలు చరిత్రకారులకు అతడు బందిపోటు, మన పల్లెలలో పాటకట్టి పాడేవారికి వీరుడు. ఎవరి అరుగు మీద కూర్చుని వింటున్నామో దానినిబట్టి మనిషి మారిపోతాడు. మా తాత తీర్పు మాత్రము సులువుగా ఉన్నది: "మోకు కట్టి తాడెక్కెటోనికి గీ బండ ఒక లెక్కనా?"

కమ్మీలు అయిపోయిన చోట తాత కూర్చుండిపోయాడు. మోకాలు వంగడము లేదు. యవ్వనస్థులు అప్పటికే పైన నిలబడి "రండి రండి" అని కేకలు. మేము వాళ్ళను కిందికి పిలిచి, అక్కడే బండ మీద కూర్చోబెట్టి ఆదికాండము ముప్పది మూడవ అధ్యాయము గుర్తుచేశాము. ఏశావు కలిసి నడుద్దాము అన్నప్పుడు, పిల్లలు పసివారు, మందలో పాలిచ్చేవి ఉన్నాయి, ఒక్కనాడు తరిమినా మంద చస్తుంది, వాటి నడకనుబట్టి మెల్లగా వస్తానని యాకోబు చెప్పిన సందర్భము. సంఘము కూడా ఎక్కువ నెమ్మదిగా నడిచేవారి నడకతోనే నడవాలి అని చెప్పబోతున్నాము. గురుకులము అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది.

"అయ్యగారూ, నెమ్మదిగ వస్తనన్న యాకోబు శేయీరుకు అసలు పోనేలేదు గదా. సుక్కోతుకు మళ్ళిండు. అదే అధ్యాయంల ఉన్నది."

అందరూ నవ్వారు. బైబిలు క్విజ్‌లో ఆ అమ్మాయిని తయారు చేసినది మేమే. ఆ నవ్వు ఆగినాక ఎవరూ కొంచెంసేపు మాట్లాడలేదు. కమిటీలో మూడు నెలలుగా "నెమ్మదిగా చూద్దాము" అన్న మాట ఎన్నిసార్లు దొర్లిందో అందరికీ తెలుసు. ఆ నెమ్మది ఏ ఊరికి పోతున్నదో పిల్లలు అడుగుతున్నారు.

మౌనము విడగొట్టింది తాతే. "నన్ను ఈడ కూసోబెట్టుండ్రి. పొల్లగాండ్లను పోనియ్యుండ్రి." తర్వాత వాళ్ళ వైపు తిరిగి, "పైన గుండంల నీళ్ళున్నయో లేవో సూసి రాండ్రి. నేను మీ అంత ఉన్నప్పుడు ఎక్కితే ఉండె" అన్నాడు.

పన్నెండు మంది పైకి పోయారు, ఏడుగురము తాత దగ్గర ఉండిపోయాము. ఆ గంటన్నర మాకు ఈ ప్రయాణములో మరచిపోలేని భాగము. కింద ఊరు మేల్కొంటున్నది. కాజీపేట నుండి పట్నం పోయే రైలు బొమ్మలాగా జరిగిపోయింది. తాత నీళ్ళ గురించే మాట్లాడాడు. కోటకు గోడ కంటే నీళ్ళు ముఖ్యమట. చుట్టూ సైన్యం దిగితే గోడ ఎన్నాళ్ళయినా ఆపుతుంది, దాహం ఆపదు. ఇంత ఉత్త బండ మీద బావి తవ్వలేరు గనుక వాననీళ్ళు జారి చేరేచోట గుండాలు చేసి నింపుకున్నారు. సిద్దిపేట రైతుకు ఈ లెక్క ఒకరు చెప్పనక్కరలేదు. మా చిన్నతనములో ఎండిన బావిలోకి తొంగిచూడని ఇల్లు లేదు. వాన పడ్డ నాడే పట్టుకోవాలి, ఎండిన నాడు వెదికితే దొరకదు అని తాత అన్నాడు. నీళ్ళ గురించే అన్నాడో, మరి దేని గురించో, మేము అడగలేదు.

మధ్యలో ఒకసారి పైనుండి కీర్తన వినబడింది. తాళం లేదు, చప్పట్లు మాత్రమే. తాత చేతికర్రతో బండను కొడుతూ లెక్క కలిపాడు. స్వరము ఎక్కడో తప్పింది, ఆయన ముఖము చిట్లించాడు, కర్ర మాత్రము ఆపలేదు.

వాళ్ళు దిగివచ్చి ఒకరి మాట ఒకరు కోస్తూ చెప్పారు. పైన బాలాహిసార్ గోడలు, ఊపిరాడని గాలి, నలుదిక్కులా చెరువులు. గుండములో నీళ్ళున్నాయి, పచ్చగా నాచు పట్టి. ఒక పిల్లగాడు సీసా నింపుకుని తెచ్చాడు. కిందటి ఏడు ఆరాధనలో ఫోను చూస్తున్నాడని తాత అందరిముందు నిలబెట్టి గద్దించిన పిల్లగాడే. అప్పటినుండి వెనక బెంచీ దాటి రాడు, తాతకు వందనం కూడా చెప్పడు. బేత్లెహేము బావి నీళ్ళ కోసం శత్రువుల నడుమ దూసుకుపోయిన దావీదు మనుషులు మాకు గుర్తుకు వచ్చారు. దావీదు ఆ నీళ్ళు తాగక దేవునికి పారబోశాడు. మా తాత పారబోయలేదు. దోసిట పట్టి ముఖం కడుక్కున్నాడు, మిగిలినవి మోకాళ్ళ మీద పోసుకుని మెల్లగా రాసుకున్నాడు. "సల్లగున్నయి బిడ్డా" అన్నాడు. పిల్లగాడు ఖాళీ సీసా తిరిగి తీసుకుంటూ "వందనాలు తాతా" అన్నాడు.

దిగడం ఎక్కడం కంటే కష్టము. ఎక్కేటప్పుడు కన్ను పైకి చూస్తుంది, దిగేటప్పుడు లోయను చూస్తుంది. వాలు దగ్గర అడ్డంగా కూర్చుని జరిగాము. తాతకు ముందు ఒకరు, వెనుక ఒకరు, పక్కన ఆ పిల్లగాడు. ప్రతి మెట్టుకూ రెండు కాళ్ళూ ఆనించి దిగవలసి వచ్చింది. గంటకు పైనే పట్టింది. కింద చెట్టు నీడన జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, సకినాలు తిన్నాము.

మరుసటి ఆదివారము కమిటీ మూడవసారి కూర్చున్నది. పెద్దలలో ఒకరు మళ్ళీ "నెమ్మదిగా చూద్దాము" అనబోగా తాత కర్ర నేలకు కొట్టాడు. "పోనియ్యుండ్రి. ఏమున్నదో సూసొచ్చి చెప్తరు." ఇద్దరు పెద్దలు ఇప్పటికీ ఒప్పుకోలేదు. వాళ్ళ భయము ఉత్త భయము కాదని మాకూ తెలుసు. పొద్దుటి ఆరాధనకు యవ్వనస్థులు తప్పక రావాలని, మూడు నెలల తర్వాత మళ్ళీ కూర్చుని చూడాలని రాసుకున్నాము.

మార్చి మొదటి ఆదివారము సాయంకాలము ఆరు గంటలకు యవ్వనస్థుల ఆరాధన. కీబోర్డు పక్క ఊరి సంఘము వారు ఇస్తామన్నారు. చాప మీద కూర్చోవడం తనవల్ల కాదు గనుక ముందు వరుసలో ఒక కుర్చీ వేసి ఉంచమని తాత కబురు పంపాడు.