పళ్ళు చూసి కొన్న ఎద్దు

విద్యార్థి సంఘం వారు సావనీరుకు ఏదైనా రాసి పంపమని కబురు చేస్తే, నేను కవినీ కాను, కథకుణ్ణీ కాను అని తప్పించుకోబోయాను. "కవులు ఇప్పటికే పదహారుమంది తేలారు సార్, మీరు వచనమే రాయండి" అన్నాడు కార్యదర్శి. అంచేత, హాస్టల్లో మూడో సంవత్సరంలో ఉండగా చేసిన ఒక కొనుగోలు గురించి రాస్తాను. ఇన్నాళ్ళూ అది మా గది దాటి బయటికి రాలేదు. రూమ్మేటు అనుమతి తీసుకున్నాను. పేరు మాత్రం వద్దన్నాడు కాబట్టి అతన్ని పలాస వాడు అనే అంటాను.

2022 నాటి మాట. కరోనా సెలవుల్లో ఫోన్లు పట్టుకుని కూచున్న మా తరానికి బిట్‌కాయిన్ జ్వరం బాగా పట్టింది. 2021 నవంబరులో ఒక్కొక్క నాణెం 69 వేల డాలర్ల దాకా వెళ్ళింది. నాణెం అంటే చేతికి తగిలేది కాదు, ప్రపంచమంతా పంచుకున్న ఒక పద్దు పుస్తకంలో అంకె. ఆ పుస్తకానికి కొత్త పేజీ చేర్చే హక్కు కోసం యంత్రాలు రాత్రింబగళ్ళు ఒక సంఖ్యను వెతుకుతూ పోటీ పడతాయి. సుమారు పది నిమిషాలకు ఒకరికి తగులుతుంది. తగిలినవాడికి ఆ రోజుల్లో 6.25 నాణేలు, అంటే మొత్తం మీద రోజుకు దాదాపు 900. ఎవరెన్ని కొత్త యంత్రాలు తెచ్చి పెట్టినా ఆ 900 పెరగదు. ప్రతి 2016 పేజీలకు, అంటే రెండు వారాలకు కాస్త అటూ ఇటూగా, లెక్క ఎంత కష్టంగా ఉండాలో వ్యవస్థే సవరించుకుంటుంది. దీన్నే మైనింగ్ అంటారు.

మాది గరివిడి దగ్గర పల్లె. మా వైపు మైనింగ్ అంటే మాంగనీసే. పంతొమ్మిదో శతాబ్దం చివరినుంచీ మా ప్రాంతంలో నేల తవ్వి నల్లరాయి తీస్తున్నారు. యంత్రం ఇంటికి తెచ్చిన రోజున మా నాన్న "ఏటి చేస్తాదిరా ఇది?" అంటే, నేను గొప్పగా "మైనింగ్" అన్నాను. ఆయన డబ్బా చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "రాయెక్కడేస్తారు?" అని అడిగాడు.

ముందు కొనుగోలు సంగతి చెప్పాలి. విశాఖలో ఒకాయన ఆంట్‌మైనర్ ఎస్9 యంత్రం ఒకటి అమ్ముతున్నాడని పలాస వాడు పట్టుకొచ్చాడు. 2016లో వచ్చిన మోడల్. సెకనుకు పదమూడున్నర లక్షల కోట్ల లెక్కలు చేస్తుంది, సుమారు 1,350 వాట్ల కరెంటు తింటుంది. పవర్ సప్లైతో కలిపి అడిగిన ధర 32 వేలు. చెరి సగం. వాడి సగం వాళ్ళన్న జీడిపప్పు పనిలో కూడబెట్టింది. నా సగం మా అమ్మ డ్వాక్రా సంఘంలో అప్పు తీసి ఇచ్చింది. ప్రాజెక్టు పనికని అడిగాను. ఈ ఒక్క వాక్యం రాయడానికే ఇన్నేళ్ళు పట్టింది నాకు.

పాత యంత్రం మోసం కాకూడదని మేం చదవాల్సిందంతా చదివాం. మోసాలకేం కొదవ లేదు. అమెరికాలో బటర్‌ఫ్లై ల్యాబ్స్ అనే కంపెనీ యంత్రాలకు ముందే డబ్బు కట్టించుకుని, కొందరికి అసలు ఇవ్వక, కొందరికి అవి పనికిరాకుండా పోయాక ఇచ్చిందని 2014లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకెక్కింది. మన దేశంలో గెయిన్‌బిట్‌కాయిన్ వాళ్ళు యంత్రం చూపించే శ్రమ కూడా పెట్టుకోలేదు. మీ తరఫున మేమే తవ్వుతాం, నెలకు పది శాతం చొప్పున పద్దెనిమిది నెలలు ఇస్తామన్నారు. 2018లో అరెస్టులు జరిగాయి. ఇవన్నీ చదివి, కంటితో చూడనిదే పైసా ఇవ్వకూడదని తీర్మానించుకుని ఇద్దరం విశాఖ రైలెక్కాం.

సముద్రానికి దగ్గర్లో ఒక అపార్ట్‌మెంటు. యంత్రం తళతళా మెరుస్తోంది. పలాస వాడు నా చెవిలో "మరీ తుడిచేశాడ్రా" అన్నాడు. అది మంచి అనుమానమే. ధూళి ఉంటే ఎలాంటి చోట పనిచేసిందో తెలుస్తుంది, తుడిచేస్తే ఆ సాక్ష్యం పోతుంది. మరల తలలు గీసుకుపోయి ఉన్నాయా, అంటే మధ్యలో ఎవరైనా విప్పారా అని చూశాం. ఉప్పుగాలికి బోర్డుల అంచుల్లో పచ్చటి చిలుము పట్టిందేమోనని సెల్‌ఫోన్ లైటు వేసి వెతికాం. ఒకచోట కొద్దిగా ఉంది. దానికి వెయ్యి తగ్గించమన్నాం, తగ్గించలేదు. మూడు బోర్డులు, ఒక్కోదానికి 63 చొప్పున 189 చిప్పులు ఉండాలి. కొన్ని చచ్చిపోయినా కొన్నిసార్లు యంత్రం తిరుగుతూనే ఉంటుంది, కాకపోతే కుంటుతుంది. ఆన్ చేసి లాగ్ తెరిచి మూడు చోట్లా 63 లెక్క చూసుకున్నాం.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష. యంత్రం తన పేజీలో తానే "నేనింత వేగం" అని చూపిస్తుంది. ఆ మాట నమ్మరాదు. లోపలి ఫర్మ్‌వేర్ మార్చి ఎంతైనా చూపించవచ్చు, వచ్చిన దాంట్లో కొంత వేరే వాడి ఖాతాకు మళ్ళించనూ వచ్చు. అసలు కంపెనీ ఫర్మ్‌వేర్‌లోనే, యంత్రాన్ని దూరాన్నుంచి ఆపేయగల తలుపు ఒకటి ఉందని 2017 ఏప్రిల్లో బయటపడి గొడవైంది. దానికి యాంట్‌బ్లీడ్ అని పేరు. కంపెనీ తరవాత సరిచేసింది. కాబట్టి చూడవలసింది పూల్ వాళ్ళ లెక్క. పూల్ అంటే చిన్న యంత్రాల వాళ్ళు కలిసి వేటాడి వాటాలు పంచుకునే ఏర్పాటు, మన తీరంలో వల లాగినవాళ్ళు చేపలు పంచుకున్నట్టు. మన యంత్రం నిజంగా చేసిన పని ఎంతో వాళ్ళ పుస్తకంలో పడుతుంది. అదీ పది నిమిషాలు చూస్తే చాలదు. అదృష్టం ఎగుడుదిగుడులు సర్దుకోవడానికి గంటలు పడుతుంది. మేం ఆరు గంటలు కూచున్నాం. ఆ యజమాని భార్య రెండుసార్లు టీ ఇచ్చింది, మూడోసారి ఇవ్వలేదు. పూల్ లెక్క 13.4 చూపించింది. మాకు ఆనందంతో నోట మాట రాలేదు.

అమ్మకందారు మమ్మల్ని మోసం చేశాడని ఇంతవరకూ చదివి మీరనుకుంటూ ఉంటే, అది తప్పు. యంత్రం నిక్కమైనది. ఆయన చెప్పిన ప్రతి అంకె నిజం.

తిరుగు ప్రయాణంలో మావయ్యకు ఫోన్ చేశాను. మా అమ్మకు అన్నగారు, కోటబొమ్మాళి వైపు వ్యవసాయం. నారాయణవలస సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసి వయసు చెప్పడంలో ఆయనకు పేరు. ఎద్దుకు కింది దవడ ముందువరసలో ఎనిమిది పళ్ళు ఉంటాయి. సుమారు రెండేళ్ళకు మొదటి జత పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయి, నాలుగైదేళ్ళకు అన్నీ నిండుతాయి, ఆ తరవాత అరుగుదల చూడాలి. కొమ్ములు గీకి నూనె రాసిన ఎద్దును ఆయన ఆమడ దూరంనుంచి పోల్చేవాడు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడుతున్నప్పుడు ఎదుటివాడి చెయ్యి చెమట పట్టిందా లేదా అన్నదీ ఆయన లెక్కలో ఉండేది. మేం చేసిన పరీక్షలన్నీ గొప్పగా చెప్పాను. అంతా విని, "పల్లు బాగానే సూసినావురా అల్లుడా. ఆడెందుకమ్మీస్తన్నాడో అడిగినావా?" అన్నాడు.

"ఇల్లు మారుతున్నాట్ట మావా."

"ఊఁ. సంతలో అందరికీ కూతురి పెల్లే" అని ఊరుకున్నాడు. కాసేపాగి, "దానికి పనెక్కడుంది?" అన్నాడు. నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. టవర్ సరిగ్గా లేదని చెప్పి పెట్టేశాను.

ఆయన మాట వెనక ఒక కథ ఉంది. ఆ ఏడాది సంక్రాంతికి ముందే తన జతను అదే సంతలో అమ్మేశాడు. పళ్ళు నిండిన, పొగరు తగ్గని, అరకకు పేరున్న జత. ఊళ్ళో ట్రాక్టర్లు అయిదయ్యాయి. పళ్ళలో తేడా లేదు, నడకలో తేడా లేదు, ధర మాత్రం సగానికి దిగింది. దున్నుకోడానికే కొంటున్నానని ఒకడు చెప్పి తోలుకుపోయాడు. వాడు ఎటు తోలుకెళ్ళాడో మావయ్య మరెవరినీ అడగలేదు, మేమూ ఆయన్ని అడగలేదు.

మా ఇంట్లో పశువుల సాల కూడా అప్పటికి ఖాళీయే. యంత్రాన్ని అక్కడ పెట్టాం, రాటకు కట్టిన ఎద్దులాగే. చప్పుడంటే అలాంటిలాంటి చప్పుడు కాదు. రెండు ఫ్యాన్లూ తిరిగితే పక్కింటివాళ్ళు వడ్లమిల్లు పెట్టారా అని అడిగారు. రాత్రుళ్ళు వోల్టేజీ పడిపోతే ఆగేది, నాన్న వెళ్ళి మళ్ళీ వేసేవాడు. కొడుకు ప్రాజెక్టు కదా.

మా లెక్క ఇలా ఉండేది. ఇంటి బిల్లు 90 యూనిట్లకు 260 రూపాయల చిల్లర, అంటే యూనిటు సుమారు మూడు రూపాయలు. యంత్రం రోజుకు 32 యూనిట్ల చిల్లర, అంటే 97 రూపాయలు. రాబడి, అమ్మినాయన చూపించిన పాత కాగితాల ప్రకారం, రోజుకు 370. నాలుగు నెలల్లో పెట్టుబడి వచ్చేస్తుంది. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థులం, ఇద్దరికీ గణితంలో మంచి మార్కులే. ఆ కాగితాలు నవంబరు 2021వి. మేం యంత్రం తిప్పింది సెప్టెంబరు 2022లో. ఆ సమయానికి నాణెం 20 వేల డాలర్ల చుట్టూ ఉంది, ప్రపంచంలో యంత్రాల బలమేమో ఇంకా పెరిగింది. మొత్తం పనిలో మా డబ్బా వాటా కోటీ అరవై లక్షల్లో ఒకటి. 900 నాణేలను దానితో భాగించి చూడండి. రోజుకు 90 రూపాయలు దాటదు.

ఇక కరెంటు. గృహ వినియోగానికి మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసలు కావచ్చు గాని, అది మెట్ల మీద మెట్లుగా పెరుగుతూ, 400 దాటాక యూనిటు 9 రూపాయల 75 పైసలు. మా యంత్రం తిన్న యూనిట్లలో ఎక్కువ భాగం ఆ పై మెట్టు మీదే పడ్డాయి. అక్కడ రోజు మేత 316 రూపాయలు, పాలు 90. ఇరవై రెండు రోజులకు 803 యూనిట్ల బిల్లు వచ్చింది. యూనిట్లకే 6,477 రూపాయలు, పైన చార్జీలూ సుంకమూ. మా ఖాతాలో పడిన నాణెపు ముక్కల విలువ 1,900. దాన్ని అమ్మితే అదే ఏడు ఏప్రిల్ నుంచి వచ్చిన ముప్పై శాతం పన్ను. మైనింగ్‌కు పెట్టిన సామగ్రి ఖర్చును అందులో మినహాయించుకోవడం కుదరదని ప్రభుత్వం ఆ మార్చిలోనే లోక్‌సభలో చెప్పి ఉంది. అది మేం చదవలేదు. మోసాల గురించే చదివాం.

బిల్లు చూసి నాన్న కేకలు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. ఆయన చాలా ఏళ్ళు ఫెర్రో అల్లాయిస్ బట్టీ దగ్గర కాంట్రాక్టు కూలీ. టన్ను ఫెర్రోమాంగనీసు దించడానికి రెండున్నర మూడు వేల యూనిట్లు పడుతుంది. కరెంటు రేటు కాస్త కదిలితే మా వైపు బట్టీలు ఆరిపోతాయి, ఆరితే మా ఇంట్లో పొయ్యి కూడా సన్నగిల్లుతుంది. బిల్లు రెండుసార్లు చదివి, సాల వైపు చూసి, "ఇదీ బట్టీయే గదరా! ముందు సెప్తే కరెంటు లెక్క నానే కట్టీసుందును" అన్నాడు. నిజమే, కట్టేసేవాడు. ఆయన్ను అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. యంత్రం గురించి ఆయనకేం తెలుసనుకున్నాను.

అమ్మ ఏమీ అనలేదు. అన్నం పెడుతూ, "ప్రాజెక్టుకి మార్కులెన్నేసినారు?" అంది. అంతే.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2022 సెప్టెంబరు 15న, ఎథీరియం అనే రెండో పెద్ద నాణెం మైనింగ్ పద్ధతినే వదిలేసింది. దానికోసం గ్రాఫిక్స్ కార్డులు తిప్పుతున్నవాళ్ళందరికీ ఒక్క పూటలో పని పోయింది. సెకండ్‌హ్యాండు బజారు కార్డులతో నిండింది. మా జూనియర్ ఒకడు అలాంటిదొకటి చవగ్గా కొని, ఎండిపోయిన పేస్టు మార్చి, ఫ్యాను ఒకటి కొత్తది వేసి, మార్చి ఉన్న బయోస్‌ను తిరిగి అసలుది ఎక్కించి, తన ప్రాజెక్టు అంతా దాని మీదే చేశాడు. కార్డు అరక నుంచి విప్పితే బండికి కట్టుకోవచ్చు. మాది గానుగెద్దు. దాని 189 చిప్పులకూ ఆ ఒక్క లెక్క తప్ప మరో లెక్క రాదు. ఇది తెలిసే పలాస వాడు మొదట కార్డులే కొందామన్నాడు. ఖరీదెక్కువని నేనే వద్దన్నాను. ఈ మాట రాయాలన్న షరతు మీదే వాడు అనుమతి ఇచ్చాడు.

మళ్ళీ అమ్మేద్దామని మేమూ ప్రకటన పెట్టాం. పార్వతీపురం నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. అన్నీ అడిగాడు, చిప్పులు, బోర్డులు, పూల్ లెక్క. అన్నిటికీ నిజమే చెప్పాను. చివర్న "ఎందుకమ్ముతున్నారన్నా?" అన్నాడు. నోటిదాకా వచ్చింది, ఇల్లు మారుతున్నామని. నాన్న పక్కనే కూచుని బీడీ కాలుస్తున్నాడు. మీ ఇంటి బిల్లు ఒకసారి వెనక్కి తిప్పి రేట్ల పట్టిక చదువుకుని మళ్ళీ ఫోన్ చెయ్యి తమ్ముడూ అన్నాను. అతను మళ్ళీ చెయ్యలేదు. పలాస వాడు నాతో వారం రోజులు మాట్లాడలేదు.

అప్పు వాయిదాలు అమ్మ కట్టుకుంటూ వచ్చింది, ఆఖరివి నా మొదటి జీతంలోంచి కట్టాను. 2024 ఏప్రిల్లో ఆ 6.25 నాణేలు సగమై 3.125 అయ్యాయి కాబట్టి ఇప్పుడు దాన్ని ఎవరికీ ఊరికే కూడా ఇవ్వలేం. ఫ్యాన్లు రెండూ విప్పి ఒకటి వంటింట్లో పొగ పోవడానికి పెట్టాను, బాగా లాగుతోంది. మిగతా డబ్బా సాలలోనే ఉంది. పండక్కి వచ్చినప్పుడల్లా మావయ్య కాళ్ళు కడుక్కుని, గుమ్మంలో తువ్వాలు దులుపుకుంటూ, ముందు అటే తొంగి చూస్తాడు.

"గడ్డేసినారేటి?" అంటాడు.