పలుకని పెట్టె

మదనపల్లె నుండి దక్షిణమునకు పోవు బాట పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పము చేరును. దారి పొడవునను టమాటా తోటలు, చింతచెట్లు, రాతిగుట్టలు కానవచ్చును. బాట మొదట వినబడు తెలుగునకును, చివర వినబడు తెలుగునకును కొంత భేదము కలదు. కుప్పము ఒకవైపు కర్ణాటకమునకు, ఒకవైపు తమిళనాటికి పొరుగూరు. అచ్చటి సంతలో ఒక్క బేరము తెగులోపల మూడు భాషలు వినవచ్చును. ద్రావిడ విశ్వవిద్యాలయము 1997లో ఆ ఊరనే వెలసినదన్నచో ఆశ్చర్యపడ పనిలేదు.

ఈ దారినున్న పల్లెబడులలో ముప్పది సంవత్సరములకు పైగా తెలుగు చెప్పిన అయ్యవారొకరు ఉద్యోగ విరమణానంతరము పుంగనూరులో స్థిరపడిరి. ఆయనకు మాటలు పోగుచేయు అలవాటుండెను. కపిలబావి చెంత కూర్చొని తొండము, మోకు, గిలక మున్నగు సామగ్రి పేర్లు వ్రాసికొనెడివారు. సంతలో సేరు, పడి, మానిక లెక్కలు అడిగెడివారు. పసులకాపరుల వెంట నడచి ఏ వన్నె గల ఆవును ఏమని పిలుతురో తెలిసికొనెడివారు. కరెంటు మోటార్లు వచ్చిన పిమ్మట కపిలలు మూలబడినవి. కపిలతో పాటు దాని మాటలును మూలబడినవి. నిఘంటువులలో చోటు దొరకని అట్టి మాటలు ఆయన పుస్తకములలో నాలుగు వేల దాక చేరినవి.

అయ్యవారు కంప్యూటరును మొదట చూచినది కుప్పములోనే. 2002 ఫిబ్రవరిలో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వముతో చేయి కలిపి ఆ ప్రాంతమున ఐ-కమ్యూనిటీ అను పేర మూడేండ్ల కార్యక్రమమును ఆరంభించెను. పల్లెలలో సమాచార కేంద్రములు తెరువబడినవి. స్వయం సహాయక సంఘముల స్త్రీలు కొందరు కెమెరాను, సూర్యరశ్మితో నడుచు అచ్చుయంత్రమును వెంటబెట్టుకొని ఊరూర ఫొటోలు తీసి అక్కడికక్కడనే అచ్చువేసి ఇచ్చెడివారు. పలక మీది బలపము తప్ప వేరు సాధన మెరుగని చేతులు ఆ మీటలను అవలీలగా నొక్కుట చూచి, తాము మాత్రమేల వెనుకబడవలెనని అయ్యవారు మరుసటి యేడు ఒక కంప్యూటరు కొనిరి. రాత్రులు రెండు వ్రేళ్ళతో ఒక్కొక్క అక్షరమే వెదకి నొక్కుచు పుస్తకములన్నింటిని అందులోనికి ఎక్కించిరి. ఆ పని ఆరేండ్లు పట్టినది. ఎక్కించిన పుస్తకములను అటక మీద పెట్టిరి. అటకకు చెదలు పట్టినవి. ఆ తరువాత ఆ నాలుగు వేల మాటలకు లోకములో ఉన్న తావు ఆ యొక్క పెట్టెయే.

ఒక శ్రావణ మాసపు ఉదయమున ఆ పెట్టె పలుకలేదు. బొత్తాము నొక్కిన దీపము వెలుగదు, ఫ్యాను తిరుగదు. ఊరిలోని దుకాణదారుడొకడు వచ్చి, మూత యైనను తీయకయే, “ఇది ముసలిదైపోయినదండీ. దీనిని పాత సామాను వానికి వేసి కొత్తది కొనుడు” అని చెప్పి పోయెను. ముసలితనము వ్యాధి పేరు కాదు. కారణము తెలియనప్పుడు వయసు మీదికి నెట్టుట మనుష్యుల విషయముననే గాక యంత్రముల విషయమునను జరుగుచున్నది.

అయ్యవారి పూర్వశిష్యుడొకడు మదనపల్లెలో కంప్యూటర్లు బాగుచేయు అంగడి నడుపుచుండెను. కబురందగానే అతడు సంచి భుజమున వేసికొని పుంగనూరు వచ్చెను. వచ్చినవాడు వెంటనే మరచీల జోలికి పోలేదు. గురువుగారి ఎదుట చాప మీద కూర్చొని ప్రశ్నలు వేయసాగెను.

“అయ్యవారూ, కడసారి ఎప్పుడు పనిచేసినది?”

“నిన్న సాయంకాలము చక్కగా పనిచేసినది నాయనా.”

“రాత్రి ఏమైన జరిగినదా?”

“ఉరుములు, మెరుపులతో వాన కురిసినది. కరెంటు రెండుసార్లు పోయి వచ్చినది.”

“అప్పుడు ప్లగ్గు గోడకే యున్నదా?”

“ఉన్నది.”

సగము వైద్యము ఈ ప్రశ్నలలోనే కలదు. రోగి నోరు విప్పలేనప్పుడు ఇంటివారిని అడుగవలెను గదా!

తరువాత అతడు ఆ ప్లగ్గు తీసి, అదే రంధ్రములలో బల్లదీపము ప్లగ్గు పెట్టెను. దీపము వెలిగెను. గోడ వరకు లోపము లేదని తేలినది. తీగను మార్చి తన సంచిలోని వేరొక తీగ పెట్టెను, మార్పు లేదు. పెట్టె వెనుక చిన్న ఎర్ర మీట కలదు. పాత పెట్టెలలో అనేకమునకు అది యుండును. దానిని 115 వైపునకైనను, 230 వైపునకైనను జరుపవచ్చును. మన దేశమున ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. ఆడుకొను పిల్లలెవరైన దానిని 115 వైపునకు జరిపి యున్నచో పెట్టె లోపల కాలిపోవును. ఇచ్చట మీట సరిగనే యుండెను. ఇంత వరకు ఒక్క మరచీలయు విప్పలేదు, ఒక్క పైసయు ఖర్చు కాలేదు.

అప్పుడు ప్లగ్గు ఊడదీసి మూత తెరచెను. ప్లగ్గు ఊడదీయుట ముఖ్యము. ఇంటెల్ సంస్థ 1995లో ప్రవేశపెట్టిన ఏ.టి.ఎక్స్. అను పద్ధతిలో ముందరి బొత్తాము విద్యుత్తును పూర్తిగా ఆపదు; ప్లగ్గు గోడకున్నంత సేపు 5 వోల్టుల సన్నని ధార బోర్డునకు చేరుచునే యుండును. లోపల వ్రేలి మందమున ధూళియు, ఎండిపోయిన బల్లి యొకటియు కనబడెను. అయ్యవారు చిన్నబోయిరి. శిష్యుడు నవ్వి, ఇది పెద్దల కాలము నుండి వచ్చుచున్న సంగతియే అని ఒక ముచ్చట చెప్పెను. అమెరికాలో హార్వర్డ్ మార్క్-2 అను గదియంత గణన యంత్రము ఉండెడిది. 1947 సెప్టెంబరు 9న దాని లోపల ఒక చిమ్మట ఇరుకుకొని లెక్క ఆగినది. అచ్చటివారు దానిని తీసి దినచర్య పుస్తకమున అంటించి, నిజమైన పురుగు దొరకుట ఇదియే మొదటిసారి అని వ్రాసి పెట్టిరి. యంత్రములోని తప్పును పురుగు అనుట అంతకు పూర్వమే ఇంజనీర్లలో వాడుకగా నుండెను గనుకనే ఆ వ్రాతలో హాస్యము కుదిరినది.

మెత్తని కుంచెతో ధూళి దులిపి, అతడు బోర్డు మీద దీపము వేసి చూచెను. బోర్డున వ్రేలి కణుపంత గుండ్రని కెపాసిటర్లు నిలువుగా నుండును. వాని నెత్తి చదునుగా నుండవలెను. 2000 తరువాత కొన్ని సంవత్సరముల పాటు తయారైన పెక్కు బోర్డులలో ఇవి పూరీల వలె ఉబ్బి పగిలెడివి. ఇచ్చట చదునుగానే యుండెను. ఇక విద్యుత్తును గోడ నుండి తీసికొని బోర్డునకు తగినట్లు 12, 5, 3.3 వోల్టులుగా పంచి పెట్టు ఇనుప పెట్టె మిగిలినది. దీనిని అందరును ఎస్.ఎం.పి.ఎస్. అందురు. శిష్యుడు దానిని బోర్డు నుండి విడదీసి, ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపి చూచెను. లోని ఫ్యాను కదలలేదు. రాత్రి పిడుగుల వాన దానిని బలిగొన్నదని తెలిసినది. ఈ పరీక్ష తెలిసినవారు చేయవలసినది. ఆ ఇనుప పెట్టెను విప్పుట మాత్రము ఎవరును చేయరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ దానిలోని కెపాసిటర్లు ప్రాణము తీయగల విద్యుత్తును కొంత సేపు దాచుకొని యుండును.

అంగడి నుండి తెచ్చిన వేరొక ఎస్.ఎం.పి.ఎస్. తగిలింపగా ఫ్యాను తిరిగెను. అయ్యవారి ముఖము వికసించినది. కాని తెర చీకటిగానే యున్నది. లోపలి నుండి కీచు మని మూడు కూతలు వినబడినవి. కొంత సేపు ఆగి మరల మూడు.

“పలికినది అయ్యవారూ!” అనెను శిష్యుడు.

కంప్యూటరు నిదుర లేచు విధము తెలిసిననే ఈ కూతల అర్థము తెలియును. పెద్ద కుటుంబములలో అందరి కంటె ముందు లేచి, పొయ్యి, నీళ్ళు, పాడి చూచుకొని, అన్నియు సరిగా నున్నవని తెలిసిన పిమ్మట తక్కినవారిని లేపు ముత్తవ్వ యుండునట్లు, బోర్డు మీది యొక బిళ్ళలో బయోసు అను చిన్న కార్యక్రమము శాశ్వతముగా నుండును. కరెంటు రాగానే అది మేల్కొని, జ్ఞాపకశక్తి యున్నదా, తెర యున్నదా, మీటల పలక యున్నదా అని వరుసగా తడిమి చూచును. అన్నియు కుదిరిన తరువాత డిస్కులోని పెద్ద కార్యక్రమమును లేపును. తెర వెలుగకముందే లోపము కనబడినచో చెప్పుటకు దానికి కూత తప్ప వేరు నోరు లేదు. కూతల భాష తయారీదారును బట్టి మారును. ఈ బోర్డు పుస్తకములో మూడు కూతలకు జ్ఞాపకశక్తి అందలేదని అర్థము.

శిష్యుడు ర్యామ్ పలకను ఊడదీసి, దాని అంచునున్న బంగరు పూత గీతలను పిల్లలు పెన్సిలు చెరుపు రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొడి దులిపి, మరల బిగించెను. ఏండ్ల తరబడి పట్టిన మకిలి ఆ రబ్బరునకు నల్లగా అంటినది. ఈసారి ఒకే కూత. తెర మీద తెల్లని అక్షరములు వచ్చినవి. కాని యంత్రము అది 2002 జనవరి 1 అని చెప్పుచుండెను. బోర్డు మీద రూపాయి బిళ్ళ వంటి 3 వోల్టుల బ్యాటరీ యొకటి యుండును. ప్లగ్గు తీసినప్పుడు కూడ గడియారమును నడపునది అదియే. ముసలిది నిజముగా అదొక్కటియే. దానిని మార్చి తేదీ దిద్దిరి.

అటుపిమ్మట డిస్కు వంతు వచ్చినది. తెర మీద ఏదియు కదలలేదు. పెట్టె లోపల టిక్కు, టిక్కు అని సన్నని చప్పుడు మాత్రము వినబడెను. శిష్యుడు ఉలికిపడి వెంటనే ప్లగ్గు లాగివేసెను.

“ఏల ఆపితివి నాయనా? వచ్చునట్లే యున్నది. ఇంకొక్కసారి నొక్కి చూడుము.”

“వద్దు అయ్యవారూ.”

చిన్ననాటి నుండి గురువు మాటకు ఎదురాడి యెరుగనివాడు. అతని కంఠము కొంచెము వణికినది. అయినను మాట మార్చలేదు. “ఇంత వరకు చెడినవి అంగడిలో దొరకు వస్తువులు. ఇది దొరకునది కాదు. డిస్కులో పళ్ళెము నిమిషమునకు వేల చుట్లు తిరుగును. దానిని చదువు ముల్లు తల వెండ్రుక కంటె సన్నని యెడముతో పైన తేలును. ఆ టిక్కు చప్పుడు ముల్లు దారి తప్పినదనుటకు గురుతు. నొక్కిన ప్రతిసారియు మీ మాటలను గీకివేయవచ్చును. కంప్యూటరు లేచుట మనకు ముఖ్యమా, మాటలు ముఖ్యమా?”

అయ్యవారు చాల సేపు మాటాడలేదు. తరువాత, “తీసికొని పొమ్ము” అనిరి.

డిస్కును గుడ్డలో చుట్టి శిష్యుడు మదనపల్లె తీసికొని పోయెను. అచ్చట వేరొక కంప్యూటరునకు అడాప్టరుతో తగిలించి, తక్కిన దేనిని తాకక, అయ్యవారి పని యున్న సంచయమునే ముందు నకలు చేయనారంభించెను. డిస్కు ఆగి ఆగి చదివినది. రాత్రి తొమ్మిదింటికి మొదలైన పని తెల్లవారు వరకు సాగెను. ఇరువది మూడు ఫైళ్ళలో ఇరువది రెండు వచ్చినవి.

వచ్చినవానిని తెరచి చూడగా మరియొక వింత. ఒక్క తెలుగక్షరము లేదు. ఆంగ్ల లిపిలో అర్థము లేని గుర్తుల వరుసలు కనబడినవి. చెడిపోయినవని మరొకరు పారవేసెడివారే. కారణము వేరు. ప్రతి లిపిలోని ప్రతి అక్షరమునకును ఒకే స్థిరమైన సంఖ్య నిచ్చు యూనికోడు పద్ధతిలో తెలుగునకు 1991లోనే చోటు దొరకినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అను తెలుగు ఫాంటు కూడ ఉండెను. అయినను ఆ కాలమున తెలుగు టైపు చేయు చాలమంది పాత ఫాంట్లనే వాడిరి. ఆ ఫాంట్లు ఆంగ్లాక్షరముల సంఖ్యలకే తెలుగు బొమ్మలు తొడిగెడివి. బొమ్మ తొలగిన క్రింద ఆంగ్లమే. కావున శిష్యుడు మరల ఆ డిస్కునకే పోయి, ఊపిరి బిగబట్టి ఆ ఫాంటు ఫైలు నొక్కదానిని వెలికి తీసెను. దానిని కొత్త యంత్రములో వేయగానే కపిల, తొండము, మోకు, గిలక ఒకదాని వెంట ఒకటిగా తెర మీదికి వచ్చినవి. పిమ్మట వానిని యూనికోడునకు మార్చి రెండు పెన్‌డ్రైవులలో ఎక్కించి, ఒకటి తన అంగడిలో నుంచి, ఒకటి పుంగనూరు పంపెను. డిస్కు మరల తిరుగలేదు.

రాని ఫైలు పసుల వన్నెలది. పుంగనూరు పొట్టి ఆవుల ఊరిలో ఆ ఫైలే పోవుట అయ్యవారికి కష్టమనిపించినది. మైల, పుల్ల, బొల్లి, కర్రి అనునవి అందరికిని తెలిసినవే. పోయినవి వీనికి నడుమ నుండు వన్నెల పేర్లు. అయ్యవారు ఒక కొత్త నోటు పుస్తకము కొని కుప్పము వైపు పల్లెలకు మరల నడచిరి. మునుపు మాటలు చెప్పిన కాపరి చనిపోయి నాలుగేండ్లైనది. ఆయన కోడలు పసులను కట్టుగొయ్యల నుండి విప్పుచు ఒక్కొక్క దానిని పేరు పెట్టి అదిలించుచుండెను. అయ్యవారు అరుగు మీద కూర్చొని, కలము మూత తీసి, ఆ నడుమ నున్న ఆవును ఏమని పిలిచితివో మరల చెప్పుమనిరి. మధ్యాహ్నమునకు పదునేడు పేర్లు వచ్చినవి.