జాఖర్ సరస్సు గట్టున

మా అల్ ఐన్‌కి సముద్రం లేదు. అబుదాబి వెళ్లాలన్నా దుబాయ్ వెళ్లాలన్నా గంటన్నర కారులో కూర్చోవాలి. ఖర్జూర తోటలు, ఎర్ర ఇసుక దిబ్బలు, దక్షిణాన జెబెల్ హఫీత్ కొండ, గీత దాటితే ఒమన్ వాళ్ల బురైమీ. ఇదీ మా ఊరు. ఇలాంటి చోట ఉంటూ మా తొమ్మిదేళ్ల వాడికి చేపలు పట్టే పిచ్చి పట్టుకుంది.

కారణం డాలస్‌లో ఉండే మా అన్నయ్య. సెలవు దొరికితే చాలు, లేక్ ఫోర్క్‌కి వెళ్లి బాస్ చేపలు పడతాడు. పట్టిన చేపని ఎత్తి ఫొటో తీసుకుని మళ్లీ నీళ్లలో వదిలేస్తాడు. అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ని వదిలేసి తీరాలని రూలు కూడా ఉందట. "వదిలేసేదానికి పట్టడం ఎందుకురా?" అని అమ్మ ఎప్పుడూ నవ్వేది. మా వాడి పుట్టినరోజుకి మావయ్య ఒక చిన్న రాడ్డు, పెట్టెడు రబ్బరు వానపాములు పంపాడు. గాలాలు తీసి నేను దాచేశాను. సీసపు గుండు ఒక్కటే కట్టుకుని ఇంటి ముందు ఖాళీ స్థలంలో విసరడం ప్రాక్టీసు చేసేవాడు.

బాస్ అంటే అమెరికా మంచినీటి చేప. మన కొర్రమీనుకి చుట్టం కాదు గానీ పద్ధతి మాత్రం అదే. నాచులోనో, మునిగిన మొద్దు పక్కనో నక్కి ఉండి, దగ్గరికొచ్చిన చేపపిల్లనో కప్పనో ఒక్క ఉదుటున మింగేస్తుంది.

డిసెంబరులో నాన్న మా దగ్గరికి వచ్చారు. అమ్మ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. గోదావరి కాలవ పక్కన పుట్టి పెరిగిన మనిషి, ఊళ్లో కొర్రమీను గాలం అంటే ఆయనదే. ఇక్కడికొచ్చాక ఏమడిగినా ఒకటే మాట, "మీ ఇష్టం అమ్మా." ఇడ్లీ చెయ్యనా? మీ ఇష్టం. అబుదాబి గుడికి వెళ్దామా? మీ ఇష్టం. మా ఆయన, నేను, మా వాడు ముగ్గురం వంతులవారీగా ఆయన్ని కదిలించాలని చూశాం. ఎంత కదిలిస్తే అంత ముడుచుకుపోయారు.

ఒక ఆదివారం రాత్రి అన్నయ్య వీడియో కాల్‌లో నిట్టూర్చాడు. ఉదయం నుంచీ తిరిగినా ఒక్కటీ పడలేదట. "ఇక్కడ పడవలు ఎక్కువైపోయాయిరా. అందరూ అవే ఎరలు, అవే చోట్లు" అన్నాడు మా వాడితో.

"చేప ఎక్కడికీ పోలేదు. దానికి తెలిసిపోయింది" అన్నారు నాన్న వెనక నుంచి. వారం రోజుల్లో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి పెద్ద మాట అది.

నేను బీఎస్సీ జువాలజీ. పెళ్లయ్యాక రికార్డు పుస్తకాలు అటకెక్కాయి కానీ కుతూహలం పోలేదు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక వెతికి చదివాను. నాన్న మాట నిజమే. నెదర్లాండ్స్‌లో బ్యూకెమా అనే శాస్త్రవేత్త 1970లోనే ఈ ప్రయోగాలు ప్రచురించాడు. ఒక్కసారి గాలానికి చిక్కి బయటపడ్డ కార్ప్ చేపని మళ్లీ పట్టడం చాలా కష్టమైందట. పైక్ అనే వేటాడే చేప తళతళా తిరిగే రేకు ఎరని త్వరగా గుర్తుపట్టి తప్పుకుంది కానీ, బతికున్న చేపని ఎరగా వేస్తే మళ్లీ పడింది. అంటే అది ఆకలి మానలేదు. ఫలానా మెరుపు, ఫలానా చప్పుడు వెనక ముల్లుందని నేర్చుకుంది.

శుక్రవారం ఆఫీసులు మధ్యాహ్నానికే అయిపోతాయి. ఆ సాయంత్రం నాన్నని ఏమీ అడగకుండా కారు తీశాం. హఫీత్ కొండ పక్కన జాఖర్ సరస్సు ఉంది. ఊళ్లో వాడిన నీటిని శుద్ధిచేసి వదలగా ఎడారిలో ఏర్పడిన సరస్సు ఇది. దిబ్బల మధ్య నీలంగా నీళ్లు, అంచున రెల్లు, చలికాలంలో ఫ్లెమింగోలు. మేము గాలం తీసుకెళ్లలేదు. అబుదాబి ఎమిరేట్‌లో సరదాకి చేపలు పట్టాలన్నా ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ లైసెన్సు కావాలి. పైగా అది శుద్ధిచేసిన నీరు. మేం వెళ్లింది చూడటానికే.

మా వాడు కారు దిగీ దిగగానే నీళ్ల దాకా పరిగెత్తాడు. అంచున నల్లగా కదులుతున్న నాలుగైదు చేపలు చటుక్కున మాయం. "ఏవీ లేవు తాతయ్యా!" అన్నాడు.

నాన్న గట్టుకి పది అడుగుల దూరంలోనే ఆగి, లుంగీ సర్దుకుని ఇసుకలో కూర్చున్నారు. "ఇలా రా. నీ నీడ నీకన్నా ముందు నీళ్లలోకి వెళ్లింది చూసుకో" అన్నారు. సూర్యుడు మా వెనక ఉన్నాడు. ఎండకి ఎదురుగా ఉండే గట్టుకి మారి, వంగి కూర్చున్నాం. పావుగంట ఎవరమూ కదల్లేదు. మెల్లగా ఒక్కో చేపా అంచుకి తిరిగొచ్చింది. చూడటానికి తిలాపియాలా ఉన్నాయి.

ఇందులో ఫిజిక్సు కూడా ఉంది. నీళ్లలోంచి పైకి చూసే చేపకి బయటి లోకమంతా తల మీద ఒక గుండ్రటి కిటికీలో కనిపిస్తుంది. ఆ కిటికీ కోణం దాదాపు 97 డిగ్రీలు. నిలబడ్డ మనిషి అందులో స్పష్టంగా కనిపిస్తాడు. దూరంగా, నేలకి దగ్గరగా కూర్చున్న మనిషి కిటికీ అంచున నలిగిపోయి సరిగ్గా ఆనడు. ఇక చప్పుడంటారా, చేప ఒంటికి రెండువైపులా ఉండే పార్శ్వరేఖ నీటిలోని చిన్న కదలికని కూడా పట్టేస్తుంది. గట్టు మీద దబదబా నడిస్తే ఆ అదురు నీళ్లలోకి దిగుతుంది. నాన్నకి ఈ పేర్లేవీ తెలియవు. చెప్పులు మాత్రం కారు దగ్గరే విడిచి వచ్చారు.

మా వాడు రబ్బరు వానపాముల పెట్టె తెచ్చి ఆయన ముందు తెరిచాడు. ఒక్కొక్కటీ వేళ్లతో నలిపి చూస్తుంటే, అన్నయ్య దగ్గర విన్న పాఠం వీడు అప్పజెప్పాడు. జనం ఎక్కువ తిరిగే సరస్సులో పెద్ద ఎరలు, గలగలలాడే ఎరలు పక్కన పెట్టాలి. వాకీ రిగ్ అంటే మెత్తటి వానపాముని సరిగ్గా మధ్యలో గుచ్చడం, మునుగుతున్నప్పుడు రెండు కొసలూ అల్లాడతాయి. నెడ్ రిగ్‌లో వేలెడంత ముక్క చిన్న గుండు మీద నిలబడి అడుగునే ఉంటుంది. డ్రాప్ షాట్‌లో బరువు దారం చివర అడుగుకి ఆనుతుంది, గాలం దానికి అడుగో అడుగున్నరో పైన వేలాడుతుంది. రాడ్డు కొస కాస్త వణికిస్తే ఎర ఉన్నచోటే కదులుతుంది. దారం కూడా సన్నగా, ఆరేడు పౌండ్ల ఫ్లోరోకార్బన్ ఉండాలి. మామూలు నైలాన్ కన్నా దాని వక్రీభవన గుణకం నీటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి నీళ్లలో తక్కువ కనపడుతుంది.

నాన్న డ్రాప్ షాట్ దగ్గర ఆగారు. "ఇది బాగుంది. చేప దగ్గరికి మనం వెళ్లం, ఎరని లాక్కెళ్లం. అక్కడ ఉంచి ఊరుకుంటాం. దానికి బుద్ధి పుడితే వస్తుంది" అన్నారు.

నేను ఎనిమిది నెలలుగా చేస్తున్నది ఏమిటో అప్పుడు తెలిసింది. ఫోన్లో రోజూ అవే ప్రశ్నలు, ఇక్కడికొచ్చాక పూటపూటా అవే. తిన్నావా, పడుకున్నావా, బాధపడుతున్నావా. ఆ సాయంత్రం మరేమీ అడగకుండా ఫ్లాస్కులో టీ పోసి పక్కన పెట్టాను.

కాసేపటికి ఆయనే మొదలుపెట్టారు.

"పెళ్లయిన కొత్తల్లో, కాలవలో ఎర్రపిల్లల గుంపు కనపడింది. కొర్రమీను పిల్లలు అలా ఎర్రగా పైన తేలతాయి. కింద పెద్దది కాపలా ఉంటుంది. కప్పని గాలానికి గుచ్చి ఆ గుంపులో ఆడించా. వెంటనే కొట్టింది. రెండు కేజీలు. మురిసిపోతూ తెచ్చి మీ అమ్మకిచ్చా. ఎక్కడ పట్టావని అడిగింది, చెప్పా. చేప ముట్టుకోలేదు. ఆ పిల్లల్ని ఇప్పుడు ఎవరు చూస్తారు అంది. మర్నాడు వెళ్లి చూశా. గుంపు లేదు."

అమ్మ పేరు ఎత్తినప్పుడు ఆయన గొంతు వణికింది. నేను మా వాడి భుజం మీద చెయ్యి వేశాను, వాడు ప్రశ్నలు వెయ్యకుండా. "అది ఆకలికి కొట్టలేదమ్మా. పిల్లల జోలికొచ్చిందని కొట్టింది. ఆ తరవాత ఎర్రపిల్లలు కనపడితే నేను గాలం చుట్టేసేవాణ్ణి."

ఇంటికొచ్చాక మళ్లీ చదివాను. బాస్‌లో కాపలా కాసేది మగచేప. వసంతంలో ఒడ్డు దగ్గర లోతు లేని చోట గూడు చేసి, గుడ్లకి రెక్కలతో నీళ్లు విసురుతూ, పిల్లలు పెద్దయ్యే దాకా కనిపెట్టుకుని ఉంటుంది. ఇల్లినాయ్‌లోని రిడ్జ్ లేక్ బాస్‌లతో డేవిడ్ ఫిలిప్ బృందం మూడు తరాల పాటు చేసిన ప్రయోగం 2009లో వచ్చింది. తేలిగ్గా గాలానికి పడే గుణం కొంతవరకు తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వస్తుందని తేలింది. 2012లో ఆ వంశాల మీదే వచ్చిన మరో పరిశోధన ఇంకో మాట చెప్పింది. తేలిగ్గా గాలానికి పడే మగచేపలే పిల్లల్ని ఎక్కువ శ్రద్ధగా, ఎక్కువ తెగువతో కాపాడేవి.

అంటే జనం తిరిగే సరస్సులో ముందుగా చిక్కేది తెలివిలేని చేప కాదు, మంచి తండ్రి. పట్టి వెంటనే వదిలేసినా, ఆ కాసేపట్లో పక్కనున్న చిన్న చేపలు గూటి మీద పడతాయి. ఆంటారియో లాంటి చోట్ల గూళ్ల కాలంలో బాస్ పట్టడానికి పరిమితులు ఉన్నది ఇందుకే. మీరున్న చోట పిల్లలకి ఈ సరదా ఉంటే ముందు ఆ తేదీలు చూసుకోండి. ముల్లుకి ఎదురుముల్లు లేని గాలం కొనండి. చేపని పట్టుకునే ముందు చేతులు తడుపుకోండి, పొడిచేతికి దాని ఒంటి జిగురు ఊడొస్తుంది.

ఇదంతా అన్నయ్యకి చెప్పాను. అమ్మ మాట కూడా చెప్పాను. అది వాడికీ తెలియదట. చాలాసేపు మాట్లాడలేదు. "మార్చిలో ఇక్కడ అందరం ఒడ్డు దగ్గర గూళ్ల మీదే వేస్తామే" అన్నాడు చివరికి.

నాన్న ఫిబ్రవరి దాకా ఉన్నారు. ప్రతి శుక్రవారం జాఖర్ వెళ్లాం. కొన్ని రోజులు మాట్లాడేవారు, కొన్ని రోజులు లేదు. రెండూ మాకు అలవాటయ్యాయి. వెళ్లేముందు మా వాడికి టంగీసు దారంతో గాలం ముడి వెయ్యడం నేర్పారు. చిత్రంగా ఇడ్లీ మాత్రం ఒకరోజు ఆయనే అడిగి చేయించుకున్నారు, అమ్మ చేసే అల్లం పచ్చడితో.

మార్చి చివర అన్నయ్య లేక్ ఫోర్క్ నుంచి ఫొటో పంపాడు. చేతిలో చేప లేదు. ఒడ్డుకి బాగా దూరంగా, లోతు నీళ్ల మీద పడవ. కింద ఒకే వాక్యం రాశాడు: "ఈ నెల గట్టు వైపు వెళ్లడం లేదని నాన్నకి చెప్పు."